ఇండోనేషియాలో రొయ్యల చెరువు ఉద్యోగం: ఆ పల్లెలో ఉండగలమా?

పటమట కుర్రోడు (విజయవాడ):
అందరికీ నమస్కారం. మాది కైకలూరు పక్క పల్లె, ఉండేది పటమటలో. పదకొండేళ్లుగా వనామీ రొయ్యల చెరువుల మీదే బతుకు. ఇండోనేషియాలో సుంబావా అనే దీవిలో టెక్నీషియన్ ఉద్యోగం ఉందని ఒక ఏజెంటు చెప్పాడు. నెలకు 90 వేలు, తిండి, గది వాళ్లవే. మ్యాప్‌లో ఆ ఊరు చూస్తే ఒక పక్క సముద్రం, ఇంకో పక్క బోడి కొండ, మధ్యలో చెరువుల గళ్లు. అంతకు మించి ఏమీ కనపడట్లా. బాలి అవతల ఇంకో దీవి దాటాక అంటే మా అమ్మ "బాలికి జనం హనీమూన్‌కి పోతారు, నువ్వు చెరువు కాపలాకి పోతావా" అంటోంది.

ఊళ్లో బతుకు ఎట్లా ఉంటది? భార్యని, నాలుగేళ్ల పాపని తీసుకెళ్లొచ్చా? కొన్నాళ్లయ్యాక అక్కడే సొంతంగా చెరువు వేసుకోవచ్చా? ఏజెంటు లక్షన్నర అడుగుతున్నాడు. ముందు విజిటింగ్ వీసా మీద దిగితే తర్వాత మార్పిస్తారంట.

బ్రాడీపేట బాబాయ్ (గుంటూరు):
తమ్ముడూ, ఆ దీవిలోనే సాలే అఖాతం ఒడ్డున రెండున్నరేళ్లు చేసొచ్చినోణ్ని, 2022 మొదట్నుంచి.

ముందు దారి. చెన్నై, కౌలాలంపూర్, పక్క దీవి లొంబోక్ దాకా విమానం. లొంబోక్ తూర్పు చివర కయాంగన్ రేవులో పంటు ఎక్కితే గంటన్నర, రెండు గంటలకి సుంబావా వైపు రేవు పోటో తానో. అక్కడ్నుంచి మళ్లీ రోడ్డు. నేను ఊళ్లో దిగేసరికి మూడో రోజు.

చెరువు పని నీకు కొత్త కాదు. తంబాక్ అంటే చెరువు, బెనూర్ అంటే సీడు (రొయ్య పిల్లలు), కిన్చిర్ అంటే ఏరేటర్ (నీళ్లకి గాలి అందించే మిషను), అంచో అంటే చెక్ ట్రే (మేత తిన్నాయో లేదో చూసే పళ్లెం). కౌంటుని సైజు అంటారు, లెక్క మాత్రం అదే, కిలోకి ఎన్ని అని. మేం చేసినవి మట్టి చెరువులు కావు, అడుగంతా షీటు పరిచినవి. సీడు మనం దించేదానికి ఎన్నో రెట్లు దించేవాళ్లం. కరెంటు పోయి ఏరేటర్లు ఆగితే ఆలోచించుకునే టైము ఉండదు. జనరేటర్ పక్కనే చాప వేసుకుని పడుకున్న రాత్రులున్నాయి.

భాషకి భయపడకు. ఇంగ్లీషు అక్షరాలే, క్రియలకి కాలాల గొడవ లేదు. బోలెడు మాటలు మనం విన్నవే: నామ, రూప, గురు, దేస. మొగుణ్ని సువామి అంటారు, పెళ్లాన్ని ఇస్త్రి. 'దోస' అంటే మాత్రం పాపం! మా ఆవిడకి ఫోన్లో చెబితే రోజూ టిఫిన్ టైముకి "ఇవాళ పాపం వేస్తున్నా" అని నవ్వేది.

ఇక ఊరు. మూడొందల గడప ఉంటది, చాలా వరకు కర్ర స్తంభాల మీద లేపిన ఇళ్లు. నేను అన్నం తినే వారుంగ్, అంటే చిన్న హోటలనుకో, నడిపే ఆవిణ్ని అందరూ ఇబు అనేవాళ్లు, అంటే అమ్మ. పొద్దున సెపాట్ అనే పుల్లటి చేపల పులుసు కాచేది. మధ్యాహ్నం నుంచి ఇంటి కింద నీడలో కూర్చుని సముద్రపు నాచు కట్టేది. సన్న తాడుకి జానెడు ఎడంలో పిడికెడు మొక్క ముడేయడం, మళ్లీ జానెడు, మళ్లీ ముడి. వేళ్లు తాడు మీద, కళ్లు ఫోన్లో సీరియల్ మీద. తాడు నిండాక మొగుడు పడవలో తీసుకెళ్లి నీళ్లలో పరుస్తాడు, తేలడానికి ఖాళీ ప్లాస్టిక్ సీసాలు కట్టి. నలభై అయిదు రోజులకి కోత. ఏడెనిమిది కిలోల పచ్చిది ఎండితే కిలో. ఐస్‌క్రీము, టూత్‌పేస్టు చిక్కబడ్డానికి వేసే క్యారగీనన్ దీన్నుంచే తీస్తారు. ఎండు సరుకు ఎక్కువగా చైనాకి పోతుంది.

మబ్బు పట్టిందంటే ఇంటిల్లిపాదీ టార్పాలిన్లతో పరుగు. అచ్చం మన మిర్చి కళ్లాలే. ఒకసారి నేనూ పంచె ఎగ్గట్టి పరిగెత్తా. కొనేవాడు వచ్చి గుప్పెడు తీసి నలిపి, తడుంది, ఇసకుంది అని తరుగు తీస్తాడు. తాళ్లకీ పడవ ఇంజనుకీ అప్పిచ్చింది కూడా ఆయనే, ఇంకోడికి అమ్మడానికి లేదు. ఈ కథ గుంటూరోడికి విడమరిచి చెప్పాలా? 2022లో కిలో 40 వేల రూపియా దాకా పోయింది (మన రూపాయికి 180, 190 రూపియా వస్తాయి). ఇబు కొడుక్కి బైకు కొనిపెట్టింది. మరుసటేడు అందులో సగం కూడా రాలా. వాయిదాలు మాత్రం తగ్గలా.

రాత్రిళ్లు అఖాతం నిండా లైట్లు. బగాన్ అంటారు, దీపాలు పెట్టి చిన్న చేపల్ని పైకి రప్పించి వల లేపే తెప్పలు. పున్నమి రోజుల్లో దీపానికి చేప రాదు కాబట్టి సెలవు. ఆ చేపల కోసం తిమింగల సొరలు వస్తాయి, వాటిని చూడ్డానికి టూరిస్టులు. ఒకటి రెండు ఊళ్లకి దాంతో నాలుగు డబ్బులు కనపడుతున్నాయి. మా ఊరికి ఆ అదృష్టం లేదు. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా పడమటి గాలికి చిన్న పడవలన్నీ ఒడ్డునే. అప్పుడు కొండ మీద మొక్కజొన్న. అడవి కొట్టి వేస్తున్నారు, గట్టి వాన పడితే బురద ఊళ్లోకి దిగుతుంది.

ప్రభుత్వం డబ్బులు ఇవ్వదని కాదు. మనకి ఢిల్లీ నుంచి వచ్చినట్టు 2015 నుంచి ప్రతి ఊరికీ జకార్తా నుంచి నిధి వస్తుంది, నేనున్నప్పుడు సగటున ఏటా వంద కోట్ల రూపియా దరిదాపు, అంటే మన యాభై లక్షలు. దేన్లో ఎంత పెట్టారో పంచాయతీ ముందు పెద్ద బ్యానర్ కడతారు. సిమెంటు రోడ్డు, కాలవ వచ్చాయి. పని రాలేదు. 2024లో ఆ రాష్ట్రంలో కనీస వేతనం నెలకి 24 లక్షల రూపియా చిల్లర, మన 13 వేలు. అందుకే మన గోదావరి జిల్లాల ఆడోళ్లు కువైట్ పోయినట్టు వాళ్లు సౌదీ, మలేషియా పోతారు. ఇబు పెద్ద కూతురు మలేషియాలో ఇంటిపని. మనవణ్ని ఇబు పెంచుతోంది. ఆ ఊరి పిల్లలు బతకడానికి బయటికి పోతుంటే, నువ్వు బతకడానికి ఆ ఊరికి పోతున్నావు. ఇబు ఓసారి ఇదే అడిగింది, "మీ ఊళ్లో రొయ్యలు లేవా నాయనా?" అని. నా దగ్గర జవాబు లేదు.

పొన్నూరు రోడ్డు పద్మ:
అన్నయ్య గారు వంట సంగతి వదిలేశారు, నేను చెప్తాను. మావారు దక్షిణ సులవేసిలో చేశారు, పాపతో ఆరు నెలలు ఉన్నాను. అన్నం, చేప, పచ్చిమిరప కారం, మునగాకు, చింతపండు అన్నీ దొరుకుతాయి. పెరుగు దొరకదు. పాలు డబ్బావే. తోడు కోసం పట్టుకెళ్లిన ఎండుమిరప తొడిమలు కూడా ఆ పాలని తోడు పెట్టలేకపోయాయి!

జనం చాలా మంచివాళ్లు. అందరూ ముస్లింలు, నన్ను ముసుగు వేసుకోమని ఎవరూ అనలేదు, బొట్టు చూసి ముచ్చటపడేవాళ్లు. కానీ మావారు రాత్రీ పగలూ చెరువు మీదే. పాపకి ఒక రాత్రి 103 జ్వరం వచ్చింది. ఊళ్లో పుస్కెస్మాస్, మన పీహెచ్‌సీ లాంటిది, ఉంది. నర్సు మందిచ్చి, తగ్గకపోతే జిల్లా ఆస్పత్రికి వెళ్లమంది. అది మూడు గంటల దారి. తెల్లారేదాకా తడిగుడ్డ మారుస్తూ కూర్చున్నా. బడి కూడా వాళ్ల భాషలోనే. పాపని బడిలో వేసే వయసు కాబట్టి నేనైతే వద్దంటాను.

ఆటోనగర్ శీను:
వీసా ఆన్ అరైవల్ (అక్కడ దిగాక ఇచ్చే విజిటింగ్ వీసా) మీద పని చేయడం నేరం, పట్టుకుంటే పంపించేస్తారు. రొయ్యల ఫారం వాళ్లే ముందు పర్మిట్ తీసి, పని వీసా ఇచ్చాకే ఎక్కాలి. నీకోసం వాళ్లు ప్రభుత్వానికి నెలకి 100 డాలర్లు కట్టాలి, అది ఎగ్గొట్టడానికే ఈ తిప్పలు. మన దగ్గర రిజిస్టర్డ్ ఏజెంటు తీసుకోవాల్సింది 30 వేలు, పైన జీఎస్టీ. లక్షన్నర దేనికో రాసిమ్మను.

పటమట కుర్రోడు:
రాసిమ్మంటే ఫోన్ ఎత్తట్లేదు శీనన్నా. బాబాయ్, సొంత చెరువు సంగతి?

బ్రాడీపేట బాబాయ్:
భూమి మన పేరు మీద రాదు. ఊళ్లోవాడి పేరున పెట్టి చేద్దామంటారు, అది చట్టం ముందు నిలవదు. కంపెనీ పెడదామంటే పెట్టుబడి వెయ్యి కోట్ల రూపియా చూపించాలి, మన ఐదు కోట్ల పైమాటే. అంతుంటే కైకలూరులోనే చెయ్యి. ఇంకోటి, 2025లో జావాలో ఒక చోట రొయ్యల్లో సీజియం (రేడియేషన్ ఉండే పదార్థం) దొరికి అమెరికా వాళ్లు జావా, సుమత్రాలోని లాంపుంగ్ సరుకుకి సర్టిఫికెట్ అడగడం మొదలెట్టారు. సుంబావా అందులో లేదు గానీ, ఫారం రొయ్య ఎక్కడి ప్లాంటుకి పోతుందో కనుక్కో.

వేరే దారిలో నేరుగా ఫారం వాళ్లతో మాట్లాడితే ఆఫర్ లెటర్ పట్టుకుని ఆదివారం బ్రాడీపేట రా. పెరుగన్నం పెట్టి చదివి చెప్తా.