గర్భసంచితో పాటు అండాశయాలనూ తీయించుకోవాలా? – చర్చ

పానగల్లు మాస్టారు (నల్లగొండ):
మా వదినగారికి 41 ఏళ్ళు. ఏడాదిగా నెలసరి పది పన్నెండు రోజులు సాగుతోంది, గడ్డలు గడ్డలుగా పోతోంది, హిమోగ్లోబిన్ 7.6కు పడిపోయింది. ఊరి ఆర్‌ఎంపీ పంపగా ఒక ప్రైవేటు ఆసుపత్రికి వెళ్ళాము. స్కానింగులో నాలుగు సెంటీమీటర్ల కణితి ఒకటి ఉందని, గర్భసంచి తీసివేయడమే మేలని అక్కడ చెప్పారు. చీటీ మీద 'టీఏహెచ్, బీఎస్‌ఓ' అని రాసి, వచ్చే వారానికి తేదీ కూడా ఇచ్చారు. పిల్లలు పెద్దవారయ్యారు, ఇక ఆ సంచితో పని ఏమిటని మా అత్తగారి పక్షం వాదిస్తోంది. మందులతో తగ్గేదానికి కడుపు కోయించుకోవడం ఎందుకని మా తమ్ముడు అడ్డుపడుతున్నాడు. ఈ విషయంలో ఇటీవలి పరిశోధనలు ఏమి తేల్చాయో తెలిసినవారు చెప్పాలని కోరుతున్నాను.

విశ్రాంత స్టాఫ్ నర్సు (మహబూబ్‌నగర్):
మాస్టారూ, ముందుగా ఆ చీటీ సంగతి చెబుతాను. టీఏహెచ్ అంటే పొట్ట కోసి గర్భసంచిని మొత్తంగా తీయడం. బీఎస్‌ఓ అంటే అండాన్ని గర్భసంచికి చేర్చే రెండు వైపుల నాళాలనూ, అండాశయాలనూ కూడా తీయడం. మీ ఇంట్లో గర్భసంచి గురించి మాత్రమే వాదించుకుంటున్నారు కానీ, ఆసుపత్రి నాలుగు అవయవాలను అదనంగా రాసి ఉంచింది.

మన ప్రాంతంలో ఈ ఆపరేషన్ ఎంత మామూలైపోయిందో 2015–16 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూస్తే అర్థమవుతుంది. 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తంలో 3.2 శాతం ఉంటే, తెలంగాణలో 7.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం ఉన్నారు. మన స్త్రీలకు మాత్రమే గర్భసంచి జబ్బులు రెండింతలు వస్తాయని ఏ పుస్తకంలోనూ లేదు. బీహార్, ఛత్తీస్‌గఢ్, రాజస్థాన్‌లలో జరిగిన అనవసరపు ఆపరేషన్ల మీద డాక్టర్ నరేంద్ర గుప్తా వేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్ 5న తీర్పు ఇస్తూ, కేంద్ర ఆరోగ్య శాఖ 2022లో రూపొందించిన మార్గదర్శకాలను రాష్ట్రాలన్నీ మూడు నెలలలోగా అమలులోకి తేవాలని ఆదేశించింది. జిల్లా స్థాయిలో పర్యవేక్షణ కమిటీ ఉండాలన్నది వాటిలో ఒక అంశం. ఆ కమిటీ పేరు ఎత్తితే మన దగ్గర ఎంతమంది తల ఊపుతారో నాకు అనుమానమే.

ఇక పరిశోధన విషయం. బ్రిటన్‌లో 571 మంది మీద జరిపి 2013లో ప్రచురించిన ఎక్లిప్స్ పరీక్షలో, గర్భసంచిలో అమర్చే హార్మోన్ లూప్ మామూలు మాత్రల కంటే మెరుగ్గా పనిచేసింది. ఫిన్లాండ్‌లో 236 మందిని లూప్‌కూ, ఆపరేషన్‌కూ చీటీలు తీసినట్టుగా విభజించి చూస్తే, అయిదేళ్ళ తరువాత రెండు వర్గాల జీవన నాణ్యతలో చెప్పుకోదగిన తేడా కనిపించలేదు. లూప్ వర్గానికి ఖర్చు తక్కువైంది. కనుక ఆపరేషన్ అన్నది చివరి మాట కావాలి.

అమ్రాబాద్ గట్టు (అచ్చంపేట):
నాకు 39వ ఏట గర్భసంచి తీశారు. నన్ను ఎవరూ మోసగించలేదు. మూడేళ్ళు మాత్రలు మింగాను, మింగినన్నాళ్ళు ఆగేది, మానగానే మళ్ళీ మొదలయ్యేది. పత్తి ఏరే రోజుల్లో చేను నడుమ చాటు ఉండదు, నీళ్ళు ఉండవు. చీర తడిసిపోతే నడుముకు కొంగు చుట్టుకొని పొద్దు గూకేదాకా ఏరిన దినాలు ఉన్నాయి. కూలి పోతుందని ఆసుపత్రికి వెళ్ళడం వాయిదా వేసుకున్నదాన్ని, నెల నెలా చూపించుకోమంటే ఎక్కడి నుంచి వెళ్తాను? నర్సమ్మ గారి మాటల్లో మంచి ఉంది కానీ, ఆపరేషన్ చేయించుకున్న ఆడవాళ్ళందరూ తెలివితక్కువతో చేయించుకున్నారన్న ధ్వని నాకు నచ్చలేదు. ఆపరేషన్ తరువాత నేను మనిషినయ్యాను. నాకు అండాశయాలు ఉంచారు, ఆ సంగతి డిశ్చార్జి కాగితంలో రాసి ఉంది.

మిర్యాలగూడ స్త్రీవైద్యురాలు:
అచ్చంపేట అక్క చెప్పిన దానిని పరిశోధన కూడా బలపరుస్తోంది. నర్సు గారు ఉదహరించిన ఫిన్లాండ్ అధ్యయనంలోనే, లూప్ వేసుకున్నవారిలో 42 శాతం మంది అయిదేళ్ళు తిరిగేసరికి గర్భసంచి తీయించుకున్నారు. సగానికి పైగా ఆపరేషన్ తప్పించుకున్నారన్నది ఎంత నిజమో, ఇదీ అంతే నిజం. 2019లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన హెల్త్ అనే పరీక్షలో బ్రిటన్‌లోని 31 ఆసుపత్రులలో 660 మందిని రెండు వర్గాలుగా చేసి, ఒక వర్గానికి చిన్న రంధ్రాల గుండా చేసే కీహోల్ పద్ధతిలో గర్భసంచి పైభాగాన్ని తీశారు, రెండవ వర్గానికి లోపలి పొరను మాత్రం కాల్చివేశారు. పదిహేను నెలల తరువాత తీయించుకున్నవారిలో 97 శాతం, కాల్పించుకున్నవారిలో 87 శాతం తృప్తిగా ఉన్నామన్నారు. తీవ్రమైన ఇబ్బందులు రెండు వైపులా దాదాపు సమానమే. కాబట్టి గర్భసంచి తీయడమే తప్పని నేను అనను. మందులకు లొంగని రక్తస్రావంతో హిమోగ్లోబిన్ ఏడు దగ్గర కొట్టుమిట్టాడుతున్న మనిషికి అది న్యాయమైన చికిత్స.

అయితే ఆ 97 శాతాన్ని చూపించి మాస్టారి చీటీలోని ఆపరేషన్‌ను సమర్థించడానికి వీలులేదు. అక్కడ కీహోల్ పద్ధతిలో పైభాగం తీశారు, గర్భాశయ కంఠాన్ని ఉంచారు. అండాశయాలు తీయడం ఆ పోలికలో భాగమే కాదు. మనం సంచి ఉంచాలా తీయాలా అని తగవులాడుకుంటున్న సందులో అండాశయాలు మాట వరసకైనా రాకుండా పోతున్నాయి. నా దృష్టిలో అసలు పట్టుబట్టవలసింది వాటి కోసమే.

కెనడాలోని ఒంటారియో రాష్ట్రంలో కాన్సర్ కాని కారణాలతో గర్భసంచి తీయించుకున్న రెండు లక్షల మందికి పైగా స్త్రీల రికార్డులను పరిశీలించి 2021లో బీఎంజే అనే వైద్య పత్రికలో ప్రచురించారు. 45 ఏళ్ళ లోపు రెండు అండాశయాలూ పోగొట్టుకున్నవారిలో మరణాల రేటు, ఉంచుకున్నవారి కంటే 31 శాతం ఎక్కువగా తేలింది. 45–49 మధ్య అది 16 శాతం. 50 దాటిన తరువాత ఆ తేడా కనిపించలేదు. అంతకు ముందు 2009లో అమెరికా నర్సుల అధ్యయనంలో 29,380 మందిని గమనించినప్పుడు, అండాశయాలు తీసినవారికి అండాశయ కాన్సరూ రొమ్ము కాన్సరూ తగ్గాయి, గుండె జబ్బు మాత్రం పెరిగింది. మొత్తం మీద ఆయుష్షు ఏ వయసులోనూ పెరగలేదు. ఎలాగూ పొట్ట తెరుస్తున్నాం, పనిలో పనిగా తీసేద్దాం అన్నది నేను చదువుకునే రోజుల్లో పెద్దల నోట విన్న మాట. నలభై ఒకటో ఏట అది చెల్లే మాట కాదు.

ఒక గమనిక: తల్లికో అక్కచెల్లెళ్ళకో అండాశయ కాన్సర్ వచ్చిన కుటుంబాలకు, రొమ్ము, అండాశయ కాన్సర్ల ముప్పు పెంచే బీఆర్‌సీఏ జన్యుమార్పు ఉన్నవారికి లెక్క వేరు. వారికి అండాశయాలు తీయడం ప్రాణరక్షణ కావచ్చు.

గణాంకాల విద్యార్థి (వనపర్తి):
డాక్టరు గారూ, ఒంటారియోది యాదృచ్ఛికంగా విభజించి చేసిన పరీక్ష కాదు, రికార్డుల పరిశీలన. అండాశయాలు తీయించుకున్నవారు ముందు నుంచే ఎక్కువ జబ్బుతో ఉండి ఉండవచ్చు. ఎన్ని అంశాలకు సర్దుబాటు చేసినా ఆ మసక పూర్తిగా పోదు. రెండవది, మన దేశంలో ముట్లు ఆగే సగటు వయసు 46–47 దగ్గర ఉందని చెబుతారు, పాశ్చాత్య దేశాలలో అది 51. అక్కడి 45–49 వర్గాన్ని తెచ్చి మన 45 ఏళ్ళ స్త్రీకి అతికించడం ఎంతవరకు సబబు? మూడవది, అండాశయాలు ఉంచినా అవి క్షేమంగా ఉంటాయన్న హామీ లేదు. 2011లో అమెరికాలో వచ్చిన ఒక అధ్యయనంలో, గర్భసంచి తీయించుకొని కనీసం ఒక అండాశయాన్నైనా ఉంచుకున్నవారిలో నాలుగేళ్ళకు 14.8 శాతం మందికి అండాశయాల పని ఆగిపోయింది; ఆపరేషన్ లేనివారిలో అది 8 శాతమే. ఉంచినవి ఎలాగూ ముందుగా ఉడిగిపోతుంటే, వాటిని కాన్సర్ భయంతో మోయడం ఎందుకని ఎవరైనా అడిగితే ఏమి చెబుతారు?

మిర్యాలగూడ స్త్రీవైద్యురాలు:
మొదటి అభ్యంతరం సరైనదే. అండాశయాలు తీయాలా వద్దా అని చీటీలు వేసి పాతికేళ్ళు గమనించే పరీక్షకు ఎవరూ ఒప్పుకోరు కనుక ఈ ప్రశ్నకు దొరికేది ఇటువంటి రుజువే. కానీ వయసు పెరిగేకొద్దీ నష్టం తగ్గుతూ, ముట్లు ఆగే వయసు దాటగానే మాయమవడం గమనించండి. ముందు నుంచీ ఉన్న జబ్బులే కారణమైతే ఆ గీత సరిగ్గా అక్కడే ఎందుకు తెగుతుంది?

రెండవది బాగా పట్టుకున్నారు. 46 దాటి, ముట్లు దారి తప్పిన స్త్రీ విషయంలో నేను కూడా అంత గట్టిగా వాదించను. 41కి మాత్రం ఆ వాదం చాలదు. మూడవదానికి జవాబు మీ అంకెలలోనే ఉంది: 14.8 శాతం మందికి ఆగిపోయాయంటే, మిగిలిన 85 మందికి ఆగలేదు కదా. తీసివేస్తే నూటికి నూరు మందికీ ఆ రాత్రే ఆగిపోతాయి. ఆ తరువాత యాభయ్యో ఏడు వచ్చేదాకా హార్మోన్ మాత్రలు వాడాలని పుస్తకం చెబుతుంది. దేవరకొండ తండాల నుంచి వచ్చే నా రోగులలో బీపీ మాత్రే మూడో నెలకు ఆపేస్తారు. తొమ్మిదేళ్ళు హార్మోన్ కొని వాడతారని నమ్మి నేను కత్తి పట్టలేను.

కాన్సర్ భయానికి ఇప్పుడు మధ్యేమార్గం ఉంది. అండాశయ కాన్సర్లలో ఎక్కువగా ప్రాణం తీసే సీరస్ రకం చాలావరకు నాళాల చివరి కుచ్చులలో మొదలవుతుందని తేలింది. అందుకే 2010 నుంచి కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో గర్భసంచి తీసేటప్పుడూ, పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ అప్పుడూ నాళాలను పూర్తిగా తీసి అండాశయాలను ఉంచడం మొదలుపెట్టారు. అలా చేయించుకున్న 25,889 మందిలో అయిదుగురికి పైగా సీరస్ కాన్సర్ రావచ్చని లెక్క వేస్తే, 2022 నాటి నివేదికలో ఒక్కరికీ రాలేదు. గమనించిన కాలం చిన్నది, ఆ స్త్రీలు ఇంకా చిన్న వయసువారు. అయినా దిశ తెలుస్తోంది.

మర్రిగూడ రైతు:
అండాశయాలు తీసేస్తే ఎముకలు బలహీనపడతాయంటారు. ఫ్లోరైడ్ నీళ్ళు తాగి పెరిగిన మా మండలాల ఆడవాళ్ళకు ఈ ఎముకల విషయం మరీ ముఖ్యం కాదా? మా అమ్మకు నలభైలో అన్నీ తీసేశారు, ఇప్పుడు నడుము లేవదు. ఏది నీళ్ళ వల్లనో, ఏది ఆపరేషన్ వల్లనో మాకు తెలియదు.

మిర్యాలగూడ స్త్రీవైద్యురాలు:
మీ అమ్మగారిని చూడకుండా ఏ వల్లనో చెప్పలేను. ఒక్కటి మాత్రం మనసులో పెట్టుకోండి. ఫ్లోరైడ్ పట్టిన ఎముక స్కానింగులో దట్టంగా కనిపించినా పెళుసుగా ఉంటుంది, అంచేత సాంద్రత అంకె బాగుందని ధైర్యపడరాదు. అటువంటి ఎముక మీద అండాశయాల హార్మోన్‌ను కూడా హఠాత్తుగా ఆపడానికి నాకైతే చేయి రాదు.

పానగల్లు మాస్టారు:
మా వదినగారు ఈ చర్చంతా చదివించుకొని విన్నారు. లూప్‌తో చూద్దామా, లేక గర్భసంచి ఒక్కటే తీయించుకుందామా అన్నది తన ఇష్టమని, అండాశయాలు మాత్రం ఇవ్వనని అంటున్నారు. వచ్చే వారం తేదీకి వెళ్ళమంటారా?

మిర్యాలగూడ స్త్రీవైద్యురాలు:
వారం తేదీ అక్కరలేదు, ఇది అత్యవసరం కాదు. 7.6తో బల్ల ఎక్కించడం కంటే రక్తస్రావం ఆపే మాత్రలతో పాటు ఐరన్ ఇంజెక్షన్లు వేయించి, పది దాటించండి. నల్లగొండ ప్రభుత్వ ఆసుపత్రిలో అడగండి. ఈలోగా రెండు పరీక్షలు కావాలి: ఆ నాలుగు సెంటీమీటర్ల కణితి గోడలో ఉందో, లోపలి గదిలోకి పొడుచుకొని వచ్చిందో చూసే యోని స్కానింగు ఒకటి, పొర ముక్క తీసి చూసే బయాప్సీ ఒకటి. కణితి గదిలోకి వచ్చి ఉంటే లూప్ నిలవదు, కిందనుంచి గొట్టం పంపి కణితినే తీయగలరేమో అడగాలి. గోడలోనే ఉంటే లూప్‌కు ఆరు నెలల గడువు ఇవ్వవచ్చు, మొదటి మూడు నాలుగు నెలలు చుక్కలు చుక్కలుగా కనిపిస్తూనే ఉంటుందని ముందే చెప్పి వేయించండి, లేకపోతే రెండో నెలలోనే తీయించేస్తారు. ఆపరేషన్‌కే మొగ్గితే, అంగీకార పత్రంలో 'నాళాలు తీయవచ్చు, అండాశయాలు ఉంచాలి. లోపల జబ్బు కనిపిస్తే తప్ప' అని తెలుగులో రాయించి, ఆ వాక్యం కింద ఆమె చేత సంతకం పెట్టించండి.

విశ్రాంత స్టాఫ్ నర్సు (మహబూబ్‌నగర్):
సంతకం ఆపరేషన్ థియేటర్ తలుపు దగ్గర కాదు, వార్డులో ముందు రోజే పెట్టించండి మాస్టారూ. తలుపు దగ్గర కాగితం ఎవరూ చదవరు.