నాలుగో ఏడాది ప్రాజెక్టు: భూగర్భ గని డిజైన్‌లో షాఫ్టు ముందా, తవ్వే పద్ధతి ముందా?

ప్రశ్న (మైనింగ్ చివరి ఏడాది విద్యార్థి)

అందరికీ నమస్కారం. ఒక భూగర్భ గనిని మొదటినుంచి చివరిదాకా ప్రణాళిక వేసి డిజైన్ చేయమని మా నలుగురికి ప్రాజెక్టు ఇచ్చారు. బోరుహోళ్ల సమాచారం ఊహాజనితమే అయినా, దాని నుంచి మేము వేసిన బ్లాక్ మోడల్ (నిక్షేపాన్ని చిన్న దిమ్మెలుగా విభజించి చూపే కంప్యూటరు నమూనా) ప్రకారం ఖనిజ నిక్షేపం స్ట్రైక్ (అది అడ్డంగా సాగే దిశ) వెంబడి 400 మీటర్ల పొడవు, 70 డిగ్రీల వాలు, సగటున 8 మీటర్ల అసలు మందం కలిగి, 150 మీటర్ల లోతులో మొదలై 500 మీటర్ల లోతు దాకా దిగుతోంది. సాంద్రత ఘనపు మీటరుకు 3.2 టన్నులు కనుక మొత్తం నిల్వ సుమారు 38 లక్షల టన్నులు. రెండు వైపులా రాయి గట్టిదే కానీ, హ్యాంగింగ్ వాల్‌లో (నిక్షేపం పైవైపు రాతి గోడలో) వాలుకు సమాంతరంగా జాయింట్లు (సహజ పగుళ్లు) ఉన్నాయి.

ఇప్పటిదాకా మేము చేసినది ఇది. నేల చదునుగా ఉందని హ్యాంగింగ్ వాల్ వైపు, నిక్షేపం పై అంచు నుంచి అడ్డంగా 60 మీటర్ల దూరంలో నిలువు షాఫ్టు (గనిలోకి దిగే బావి) పెట్టాము. ఏడాదికి 10 లక్షల టన్నుల ఉత్పత్తి అనుకున్నాము. లెవళ్ల (గని అంతస్తుల) మధ్య 30 మీటర్ల ఎత్తుతో సబ్‌లెవల్ స్టోపింగ్ (లెవళ్ల మధ్య ఖనిజాన్ని పేల్చి తీసే పద్ధతి) ఎంచుకుని, స్టోపు (ఖనిజం తీసే గది) పొడవు 40 మీటర్లుగా తీసుకుని, మధ్యలో వదిలే పిల్లర్లకు సాలమన్, మన్రోల సూత్రం వాడాము. గాలి బయటికి వెళ్లడానికి 2 మీటర్ల వ్యాసంతో ఒక రైజు (కింది నుంచి పైకి తవ్వే నిలువు మార్గం) గీశాము. లోపల పనిచేసే డీజిల్ యంత్రాల మొత్తం శక్తి 2,000 కిలోవాట్లు కాబట్టి, కిలోవాటుకు సెకనుకు 0.06 ఘనపు మీటర్ల చొప్పున 120, లీకేజీ కలుపుకుని 145 ఘనపు మీటర్ల గాలి కావాలని తేలింది. అయితే ఆ రైజు ఒక్కదానికే పీడన నష్టం 10,000 పాస్కళ్లు దాటుతోంది. లెక్క మూడుసార్లు సరిచూశాము, తప్పు దొరకలేదు. మా అసలు పొరపాటు ఎక్కడుంది? ఏది ముందు, ఏది తరువాత తేల్చుకోవాలో దయచేసి చెప్పగలరు.

జవాబు 1 (గని ప్రణాళిక విభాగంలో పనిచేసే ఇంజనీరు)

మీ అంకెలన్నీ పెట్టి అడిగారు కనుక నేనూ వాటితోనే చెబుతాను. ముందుగా ఒక గ్రాఫు కాగితం తీసుకుని, స్ట్రైక్‌కు అడ్డంగా ఒక సెక్షన్‌ను నిలువు, అడ్డం ఒకే స్కేలులో చేత్తో గీయండి. 70 డిగ్రీల వాలులో నిక్షేపం ప్రతి నిలువు మీటరుకూ దాదాపు 0.36 మీటరు హ్యాంగింగ్ వాల్ వైపు జరుగుతుంది. మీ షాఫ్టు 60 మీటర్ల దూరంలో ఉంది కాబట్టి, పై అంచు నుంచి 165 మీటర్లు దిగేసరికి, అంటే సుమారు 315 మీటర్ల లోతులో, నిక్షేపం వచ్చి షాఫ్టును తాకుతుంది. అప్పుడు షాఫ్టును కాపాడుకోవడానికి చుట్టూ ఖనిజాన్ని తవ్వకుండా వదిలేయాలి. పైగా స్టోపులు ఖాళీ అవుతున్నకొద్దీ ముందుగా కదిలేది హ్యాంగింగ్ వాలే. నేల చదునుగా ఉండటం యంత్రాగారానికి సదుపాయమే కానీ, దాని కోసం గని గుండెలో ఖనిజాన్ని బందీ చేయకూడదు. ప్రధాన మార్గం ఏదైనా ఫుట్‌వాల్ (నిక్షేపం కిందివైపు గోడ) వైపే ఉండాలి.

అసలు షాఫ్టు గురించి ఇంత తొందరగా ఆలోచించడమే మీ చిక్కులకు మూలమని నా అభిప్రాయం. నిక్షేపం ఆకారం, వాలు, మందం, రెండు గోడల బలం కలిసి తవ్వే పద్ధతిని నిర్ణయిస్తాయి. పద్ధతి, నిల్వ కలిసి ఏడాది ఉత్పత్తిని నిర్ణయిస్తాయి. ఉత్పత్తి, లోతు కలిసి షాఫ్టా, డిక్లైనా (వాహనాలు దిగే ఏటవాలు సొరంగమా) అన్నది తేలుస్తాయి. మీరు పద్ధతిని సరిగానే ఎంచుకున్నారు. నిటారు వాలు, గట్టి గోడలు, క్రమమైన మందం ఉన్నచోట సబ్‌లెవల్ స్టోపింగ్ సహజమైన ఎంపిక. కానీ రిపోర్టులో కట్ అండ్ ఫిల్, ష్రింకేజీ, సబ్‌లెవల్ కేవింగ్ అనే ఇతర పద్ధతులు ఎందుకు వద్దనుకున్నారో ఒక్కొక్క పేరా చొప్పున రాయండి. వైవాలో ప్రశ్న తప్పకుండా అక్కడి నుంచే వస్తుంది.

ఉత్పత్తి విషయంలో మాత్రం చాలా దూరం వెళ్లిపోయారు. టేలర్ సూత్రం ప్రకారం గని ఆయుష్షు, ఏళ్లలో, టన్నుల నిల్వకు నాలుగో మూలం తీసి 0.2తో గుణిస్తే వస్తుంది. 38 లక్షల టన్నులకు అది దాదాపు 8.8 ఏళ్లు, అంటే ఏడాదికి సుమారు 4.3 లక్షల టన్నులు. ఇది తొలి అంచనాకు పనికొచ్చే అనుభవ సూత్రమే తప్ప శాసనం కాదు. అందుకే మరో వైపు నుంచి కూడా చూడండి. మీ నిక్షేపంలో ఒక నిలువు మీటరులో ఉన్నది సుమారు 10,900 టన్నులు. 10 లక్షల టన్నులు తీయాలంటే ఏడాదికి 92 మీటర్ల లోతు ఖాళీ చేయాలి, అంటే మూడు లెవళ్లు. ఆ మూడు లెవళ్లకు డ్రైవులు, క్రాస్‌కట్లు అనే అడ్డ సొరంగాలు, స్లాట్ రైజులు, డ్రిల్లింగు, ఫిల్లింగు అన్నీ ఏటా ముందుగా సిద్ధం కావాలి. 400 మీటర్ల స్ట్రైక్‌లో అన్ని పని స్థలాలు దొరకవు. 4.3 లక్షల టన్నులకైతే ఏడాదికి 40 మీటర్లు చాలు. అది అందుకోగల వేగం. డైల్యూషన్ (ఖనిజంలో కలిసిపోయే పనికిరాని రాయి), రికవరీలను (నిల్వలో నిజంగా తీయగలిగే వాటా) కూడా ఇక్కడే లెక్కలోకి తీసుకోండి. రికవరీ 85 శాతం, డైల్యూషన్ 10 శాతం అనుకుంటే మిల్లుకు చేరేది దాదాపు 35.5 లక్షల టన్నులు, అదీ కాస్త తగ్గిన గ్రేడుతో (విలువైన పదార్థపు శాతంతో). చాలామంది విద్యార్థులు బ్లాక్ మోడల్ గ్రేడునే ఆదాయం లెక్కలోకి నేరుగా తీసుకువెళ్తారు.

రోజుకు 1,400 టన్నుల చొప్పున, 500 మీటర్ల లోతుకు, నేనైతే డిక్లైన్‌నే ముందు పరిశీలిస్తాను. 7కు 1 వాలుతో అడుగు చేరడానికి 3,500 మీటర్లు తవ్వాలి, కానీ అంతా ఒకేసారి తవ్వనక్కరలేదు. 150 నుంచి 270 మీటర్ల వరకు నాలుగు లెవళ్లను మొదటి ప్యానెల్‌గా తీసుకుంటే 1,890 మీటర్లు చాలు. నెలకు 100 మీటర్ల చొప్పున 19 నెలలు. ఆ ప్యానెల్‌లో కింది లెవల్ నుంచి పైకి తవ్వుతూ, సిమెంటు కలిపిన ఫిల్లింగుతో నింపుకుంటూ వెళ్తే, మిగతా డిక్లైన్‌ను ఖనిజం అమ్మిన డబ్బుతోనే తవ్వుకోవచ్చు. షాఫ్టును కూడా ఇదే పట్టికలో పక్కన పెట్టి, తొలి టన్ను బయటికి రావడానికి ఎన్ని నెలలు పడుతుందో పోల్చి చూపండి.

జవాబు 2 (రాక్ మెకానిక్స్ చదివి పనిచేస్తున్నవాడిని)

పై జవాబుతో ఏకీభవిస్తూ పిల్లర్ల గురించి మాత్రం రాస్తాను. 1960లో దక్షిణాఫ్రికాలోని కోల్‌బ్రూక్ గనిలో పిల్లర్లు ఒకదాని వెంట ఒకటి కూలి 430 మందికి పైగా చనిపోయారు. ఆ తరువాత ఆ దేశపు బొగ్గు గనుల్లో నిలిచిన పిల్లర్లను, కూలిన పిల్లర్లను పరిశీలించి సాలమన్, మన్రో 1967లో తమ సూత్రాన్ని ఇచ్చారు. అది బొగ్గుకు, దాదాపు సమతలంగా పరుచుకున్న పొరకు, చదరపు పిల్లర్లకు చెందినది. దాన్ని 70 డిగ్రీల వాలులో ఉన్న గట్టి రాతికి వాడితే వచ్చే అంకెకు అర్థం లేదు. గట్టి రాతి పిల్లర్లకు హెడ్లీ, గ్రాంట్ 1972లో ఇచ్చిన సూత్రం ఉంది. అయితే అది కూడా ఎలియట్ లేక్ యురేనియం గనుల అనుభవం నుంచి పుట్టినదే కాబట్టి, మీ రాతికి ఎందుకు వర్తిస్తుందో చెప్పి వాడండి. సిమెంటు ఫిల్లింగు పెడితే స్టోపుల మధ్య పిల్లర్లు చాలావరకు అవసరం ఉండవు. అప్పుడు మీరు జాగ్రత్తగా డిజైన్ చేయవలసింది ప్యానెళ్ల మధ్య సిల్ పిల్లర్‌ను, అంటే అడ్డంగా వదిలే ఖనిజ దిమ్మెను.

నన్ను అంతకంటే ఎక్కువ కలవరపెట్టినది 40 మీటర్ల స్టోపు పొడవు. 30 మీటర్ల నిలువు ఎత్తుకు గోడ ఏటవాలు వెంబడి 32 మీటర్లు ఉంటుంది. ఆ గోడ వైశాల్యాన్ని చుట్టుకొలతతో భాగిస్తే వచ్చే హైడ్రాలిక్ రేడియస్ 8.9 మీటర్లు, పొడవును 20కి తగ్గిస్తే 6.2. మాథ్యూస్ 1981లో ప్రతిపాదించి, పాట్విన్ 1988లో సవరించిన స్టెబిలిటీ గ్రాఫు (గోడ నిలుస్తుందో లేదో చూపే పటం) మీద ఈ రెండు బిందువులనూ పెట్టి చూడండి. స్టెబిలిటీ నంబరుకు బార్టన్ బృందం 1974లో ఇచ్చిన క్యూ పద్ధతిని (రాతి నాణ్యతకు అంకె ఇచ్చే పద్ధతి), నీటి, ఒత్తిడి గుణకాలను 1గా ఉంచి, వాడాలి. మీ జాయింట్లు గోడకు సమాంతరంగా ఉన్నాయన్నారు. జాయింట్ దిశ గుణకం బాగా పడిపోయే సందర్భాల్లో అదొకటి. అందుచేత రాయి గట్టిదైనా ఆ గోడ పలకలు పలకలుగా ఊడే అవకాశం ఉంది. ఊడిన ప్రతి పలకా డైల్యూషనే. కేబుల్ బోల్టులు (రాతిని పట్టి ఉంచే ఉక్కు తాళ్లు) వేయడమా, స్టోపును పొట్టిగా ఉంచడమా అన్నది ఆ గ్రాఫు చూశాక తేల్చుకోండి.

జవాబు 3 (వెంటిలేషన్ ఇంజనీరు)

మీ లెక్కలో తప్పు లేదు. తప్పు రైజు వ్యాసంలో ఉంది. మూడుసార్లు సరిచూసినా అదే అంకె వచ్చినప్పుడు, దాన్ని అనుమానించడం మాని, అది ఏం చెబుతోందో వినాలి. అట్కిన్సన్ సమీకరణంలో పీడన నష్టం గాలి పరిమాణపు వర్గంతో పెరుగుతుంది, మార్గపు వైశాల్యపు ఘనంతో తగ్గుతుంది. చుట్టుకొలతను కూడా కలుపుకుంటే గుండ్రటి రైజులో అది వ్యాసపు ఐదో ఘాతానికి విలోమంగా మారుతుంది. రాపిడి గుణకం 0.005, పొడవు 500 మీటర్లు అనుకుంటే, 145 ఘనపు మీటర్ల గాలికి 2 మీటర్ల రైజులో దాదాపు 10,650 పాస్కళ్లు పోతాయి. అదే రైజు 3 మీటర్లయితే నష్టం 1,400 పాస్కళ్లు మాత్రమే. గాలి వేగం చూసినా ఈ సంగతి తెలిసిపోతుంది: 2 మీటర్ల రైజులో అది సెకనుకు 46 మీటర్లు.

ఇప్పుడు పై సలహాను పాటించి ఉత్పత్తిని 4.3 లక్షల టన్నులకు తగ్గించారనుకుందాం. యంత్రాలు సరిగ్గా అదే నిష్పత్తిలో తగ్గవు; 1,200 కిలోవాట్లు మిగిలాయనుకుంటే లీకేజీతో కలిపి సుమారు 86 ఘనపు మీటర్లు కావాలి. 3 మీటర్ల రైజులో నష్టం 500 పాస్కళ్లకు దిగుతుంది. గాలి నలభై శాతం తగ్గితే పీడనం మూడో వంతుకు, ఆ రైజు కోసం ఫ్యాను మోయవలసిన శక్తి దాదాపు ఐదో వంతుకు పడిపోతుందన్నమాట. వెంటిలేషన్‌ను చివరి అధ్యాయంగా పెట్టుకోకూడదని నేను పట్టుబట్టేది ఇందుకే. ఇక్కడ మరో మెలిక కూడా ఉంది. ఆ రైజులో వేగం ఇప్పుడు సెకనుకు 12 మీటర్లు. తడి రైజులో గాలి పైకి 7 నుంచి 12 మీటర్ల వేగంతో పోతున్నప్పుడు నీటి బిందువులు కిందికీ పడక, పైకీ పోక మధ్యలో వేలాడుతూ ఫ్యాను మీద భారం పెంచుతాయి. మీ రాతిలో నీరు ఊరుతుందా లేదా అన్నది చూసి వ్యాసం ఖరారు చేయండి.

డిక్లైన్‌కు మారితే షెడ్యూలులో ఒక విషయం మరిచిపోవద్దు. రైజు బోరింగులో ముందు పైనుంచి పైలట్ హోలు దిగాలి, కింద రీమర్ (రంధ్రాన్ని వెడల్పు చేసే కోత పనిముట్టు) తగిలించి పైకి లాగాలి. అంటే డిక్లైన్ ఆ చోటికి చేరేదాకా రైజు ఉండదు, అప్పటివరకు డక్టు (గొట్టం) గాలే ఆధారం. 180 మీటర్ల లోతులో మొదటి రైజు అడుగు పెట్టినా 1,260 మీటర్ల డక్టు కావాలి. అందుకని రైజును ముక్కలుగా, మొదటి ముక్కను వీలైనంత త్వరగా వచ్చేటట్లు ప్లాన్ చేయండి.

ప్రశ్న అడిగిన విద్యార్థి

మీ ముగ్గురికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. సెక్షన్ ఈ సాయంత్రమే గీశాము. షాఫ్టు నిజంగానే 315 మీటర్ల దగ్గర నిక్షేపంలోకి వెళ్తోంది. కంప్యూటరులో త్రీడీ బొమ్మను ఇన్నాళ్లూ తిప్పి తిప్పి చూసినా మాలో ఎవరమూ గమనించలేదు. డిక్లైన్‌ను ఫుట్‌వాల్ వైపు పెట్టి మళ్లీ మొదలుపెడుతున్నాము. ఒక్క సందేహం: గాలి బయటికి పోయే ఆ 3 మీటర్ల రైజులోనే నిచ్చెనలు పెట్టి, దాన్ని రెండో నిష్క్రమణ మార్గంగా చూపించవచ్చా?

జవాబు (వెంటిలేషన్ ఇంజనీరు)

వద్దండి. 1862లో ఇంగ్లండులోని హార్ట్‌లీ గనిలో పంపు ఇంజను దూలం విరిగి ఒకే ఒక్క షాఫ్టులో పడి దారి మూసుకుపోవడంతో 204 మంది చనిపోయారు. గనికి రెండు వేర్వేరు దారులు ఉండాలన్న చట్టం అక్కడ ఆ ఏడాదే వచ్చింది. కాగితం మీద రెండు దారులు చూపిస్తే ఆ నియమం తీరినట్టు కాదు. మీ డిక్లైన్‌లో ఒక ట్రక్కు అంటుకుందనుకోండి. తాజా గాలి అటునుంచే లోపలికి వస్తోంది కాబట్టి పొగ అన్ని లెవళ్లకూ పాకి, చివరికి ఆ రైజులోంచే బయటికి పోతుంది. అంటే మొదటి దారి మూసుకుపోయిన గంటలోనే రెండో దారిని పొగతో నింపుతున్నారు. పైగా నిచ్చెనలు రైజు నిరోధాన్ని కూడా పెంచుతాయి.

ఫుట్‌వాల్ వైపే, తాజా గాలి కిందికి దిగే మరో రైజు పెట్టి, నిచ్చెనలు అందులో అమర్చండి. పైన దాని నోరు డిక్లైన్ ముఖద్వారానికి, గాలి బయటికి వచ్చే చోటుకు దూరంగా ఉండాలి. గాలిలో కొంత భాగం దాని గుండా దిగుతుంది కనుక డిక్లైన్‌లో వేగం, దుమ్ము కూడా తగ్గుతాయి. ప్రతి లెవల్‌లోనూ ఆ రైజుకు వెళ్లే దారిలో తలుపులు పెట్టి, అక్కడికి నడిచి చేరడానికి పట్టే సమయం స్వీయరక్షక శ్వాస పరికరం పనిచేసే సమయంలోపు ఉందో లేదో లెక్క వేయండి. సరిపోని చోట రెఫ్యూజ్ చాంబర్ (ఆశ్రయ గది) గీయండి. డిక్లైన్‌లో మంట, స్టోపు దగ్గర మంట, ఫ్యాను ఆగిపోవడం అనే మూడు సందర్భాలకు గాలి ఎటు పోతుందో బాణాలతో మూడు ప్లాన్లు గీసి ఇక్కడ పెట్టండి, తప్పక చూస్తాను.