ఈస్ట్ స్ట్రెయిన్‌ని తెలుగులో ఏమందాం: జాతా, రకమా, వంగడమా?

ప్రశ్న: లాగర్ (చల్లగా పులియబెట్టేది), ఏల్ (కాస్త వెచ్చగా పులియబెట్టేది) బీర్ల తయారీ మీద ఒక వ్యాసాన్ని తెలుగులో రాస్తున్నాను. బీరును పులియబెట్టే సూక్ష్మజీవి ఈస్ట్ కదా, 'సీజనల్ స్పెషాలిటీ ఈస్ట్ స్ట్రెయిన్స్' అన్న దగ్గర ఆగిపోయాను. 'ప్రత్యేక కాలానుగుణ ఈస్ట్ జాతులు' అని రాసి చూస్తే నాకే మింగుడుపడలేదు. ఏం రాయమంటారు?

జవాబు: 'జాతులు' మాత్రం వద్దండీ. జీవశాస్త్రం పుస్తకాల్లో జాతి అంటే స్పీషీస్ అని ఎప్పుడో స్థిరపడిపోయింది. ఏల్ బీర్లను పులియబెట్టే శాకరోమైసిస్ సెరవీసియే ఒక జాతి. లాగర్లకు వాడే శాకరోమైసిస్ పాస్టోరియానస్ ఇంకో జాతి. స్ట్రెయిన్ అన్నది దానికి ఒక మెట్టు కింద, అంటే ఒకే జాతి లోపల గుణాల్లో తేడా ఉన్న వంశంగా ఉంటుంది. గోధుమ బీరుకు అరటిపండు, లవంగం వాసనలు తెచ్చే ఈస్టూ సెరవీసియేనే, అలాంటి వాసనలేవీ రానీయకుండా పని కానిచ్చే ఈస్టూ సెరవీసియేనే. వీటిని వేర్వేరు జాతులంటే విషయమే తారుమారవుతుంది.

'రకం' తప్పు కాదు గానీ, మీ వ్యాసంలో బీరు రకాలు, మాల్ట్ (మొలకెత్తించి ఎండబెట్టిన ధాన్యం) రకాలు, హాప్స్ (చేదు కోసం వేసే పువ్వులు) రకాలు కూడా వస్తాయి కదా. రెండు పేరాలు దాటేసరికి ఏ రకం దేనిదో చదివేవాళ్లు వెనక్కి వెళ్లి చూసుకోవాల్సి వస్తుంది.

నా ఓటు వంగడానికి. పాత తెలుగులో ఈ మాటకు వంశం అని అర్థం. ఇప్పుడు ఎక్కువగా పైర్ల విషయంలో వాడుతున్నాం: స్వల్పకాలిక వంగడం, చలిని తట్టుకునే వంగడం, కొత్తగా విడుదలైన వంగడం. మనుషులు పనిగట్టుకుని ఏరి, పెంచి, కల్తీ కాకుండా కాపాడుకుంటూ వచ్చిన వంశం అన్న భావం అందులో ఇమిడి ఉంది. బీరు ఈస్ట్ కథ కూడా అచ్చం ఇదే.

లాగర్ ఈస్ట్‌నే తీసుకోండి. అది సంకరం. ఒక పక్క ఏల్ ఈస్ట్ సెరవీసియే, రెండో పక్క చలికి ఓర్చుకునే శాకరోమైసిస్ యూబయానస్. ఈ రెండో మూలం ఏదో చాలాకాలం తెలియలేదు. 2011లో దక్షిణ అమెరికాలోని పటగోనియా అడవుల్లో, అక్కడి బీచ్ (beech) అనే చెట్ల మీద దొరికిందని శాస్త్రవేత్తలు ప్రకటించారు. మొదటిదాని నుంచి మాల్ట్ చక్కెరల్ని బాగా తినే గుణం, రెండోదాని నుంచి చలిలో పనిచేసే గుణం వచ్చాయి.

ఆ సంకరం నిలదొక్కుకోవడంలో రుతువులదే పెద్ద పాత్ర. బవేరియాలో 1553లో డ్యూక్ ఐదో ఆల్బ్రెక్ట్ ఏప్రిల్ 23 నుంచి సెప్టెంబరు 29 వరకు బీరు కాచకూడదని ఆజ్ఞ జారీ చేశాడు. ఎండాకాలంలో కాచినది తొందరగా చెడిపోయేది మరి. దాంతో కాపంతా చలి నెలల్లోకి జరిగింది. ఆ చలిలో ఏ ఈస్ట్ పనిచేస్తే అదే ఒక కాపు నుంచి మరో కాపుకు తోడుగా పడుతూ వచ్చింది. మిగతావి వెనకబడ్డాయి. ఎవరూ కూర్చుని ప్రణాళిక వేయకపోయినా చలికాలపు వంగడం ఒకటి తయారైంది. గడువు ముగిసేలోపు మార్చిలో కాస్త గట్టిగా కాచి, చల్లటి నేలమాళిగల్లో దాచి, వేసవి దాటించిన బీరుకే మార్జెన్ అని పేరు. అంటే మార్చి బీరు.

1880ల దాకా ఒకే తొట్టిలో పలు వంగడాలు కలగాపులగంగా ఉండేవి. డెన్మార్క్ శాస్త్రవేత్త ఎమిల్ క్రిస్టియన్ హాన్సెన్ 1883లో కోపెన్‌హాగెన్‌లోని కార్ల్స్‌బెర్గ్ ప్రయోగశాలలో ఒకే ఒక్క కణం నుంచి సంతతిని పెంచి, శుద్ధమైన లాగర్ ఈస్ట్‌ని వేరుచేశాడు. ఈ రంగంలో నాకు అన్నిటికంటే గొప్పగా అనిపించే పని ఇదే. ఈ కాపు బాగుంది, వచ్చే కాపు కూడా ఇలాగే రావాలి అని పట్టుబట్టడానికి వీలు చిక్కింది ఆనాటి నుంచే.

ఇక 'సీజనల్' సంగతి. మీ వాక్యంలో అసలు చిక్కు ఇక్కడే ఉంది. ఇంగ్లిష్‌లో ఆ ఒక్క మాటే రెండు పనులు చేస్తోంది. ఫలానా కాలపు బీరుకు, ఆ కాలపు వాతావరణానికి సరిపోయే ఈస్ట్ అన్నది ఒక అర్థం. ఈస్ట్ అమ్మే ప్రయోగశాలలు ఏడాది పొడవునా కాకుండా కొన్ని నెలలపాటే విడుదల చేసే ఈస్ట్ అన్నది ఇంకొకటి. 'కాలానుగుణ' అంటే రెండోది అస్సలు తట్టదు. మీ వ్యాసంలో ఎక్కడ ఏది ఉద్దేశించారో చూసుకుని, మొదటిదానికి 'వేసవి వంగడం', 'చలికాలపు వంగడం' అనీ, రెండోదానికి 'సీజన్‌లో మాత్రమే దొరికే ప్రత్యేక వంగడాలు' అనీ రాయండి. సీజన్ అన్న మాటకు ఇప్పుడు తెలుగులో కొత్తేమీ లేదు.

వ్యాఖ్య: వంగడం అంటే విత్తనం ఉండాలి కదండీ? ఈస్ట్‌కి విత్తనమెక్కడిది?

జవాబు: చెరకు వంగడం అంటాం, అరటి వంగడం అంటాం. వాటిని విత్తనాలతో వేయం. ముక్కతోనో, పిలకతోనో తల్లి గుణం తప్పకుండా తెచ్చుకుంటాం. ఈస్ట్ కూడా అంతే. తల్లి కణం మీద చిన్న బొడిపెలా మొలిచి, పెరిగి, విడిపోతుంది. దీన్ని 'మొగ్గ తొడగడం' అని పాఠ్యపుస్తకాల్లోనే రాశారు, చక్కటి మాట. లాగర్ ఈస్ట్ సంకరం కావడంతో సిద్ధబీజాలతో సంతతి నిలబెట్టుకోవడం దానికి దాదాపు అసాధ్యం. మొగ్గలే ఆధారం. అందుకే మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్లలోనో, ద్రవ నైట్రోజన్‌లోనో మూల వంగడాన్ని దాచి, అవసరమైనప్పుడు కొద్దిగా తీసి పెంచుతారు.

వ్యాఖ్య: లాగర్ అంటే చలికాలపు వంగడం, ఏల్ అంటే వేసవి వంగడం అని రాసేయొచ్చా?

జవాబు: అలా గిరిగీస్తే తప్పవుతుంది. లాగర్ ఈస్ట్ సుమారు 8 నుంచి 14 డిగ్రీల మధ్య, ఏల్ ఈస్ట్ సుమారు 15 నుంచి 24 డిగ్రీల మధ్య పనిచేస్తాయన్నది మామూలు లెక్క. కానీ జర్మనీలోని కొలోన్ నగరపు కోల్ష్ బీరు చూడండి. ఈస్ట్ ఏల్‌ది, పులియబెట్టేది మాత్రం ఏల్‌కి అలవాటైన దానికంటే చల్లగా. ఆపైన లాగర్ లాగే చల్లగా మాగబెడతారు.

వేసవి వంగడాలకు సరైన ఉదాహరణ కావాలంటే బెల్జియంలోని సేజాన్ బీర్లు తీసుకోండి. సేజాన్ అంటే ఫ్రెంచ్‌లో రుతువు, సీజన్ అనే. ఆ ఈస్ట్‌లలో కొన్ని 30 డిగ్రీలు దాటినా హాయిగా పనిచేస్తాయి. వాటిలో చాలావాటికి ఇంకో గుణముంది. మామూలు ఈస్ట్ ముట్టని డెక్స్‌ట్రిన్‌లను (పిండిపదార్థం విరిగితే వచ్చే పొడవాటి చక్కెర గొలుసులను) కూడా ఒక ఎంజైమ్‌తో విరగ్గొట్టి తినేస్తాయి. అందుకే సేజాన్ అంత పొడిగా, తీపి మిగలకుండా ఉంటుంది. అదే ఈస్ట్ పొరపాటున వేరే బీరు సీసాల్లోకి చేరితే, మిగిలిన డెక్స్‌ట్రిన్‌లను మెల్లగా తింటూ గ్యాస్ పెంచుతుంది. సీసా పగిలేదాకా రావచ్చు. ఈ హెచ్చరికను వ్యాసంలో తప్పక రాయండి. నార్వే పడమటి పల్లెల్లో క్వైక్ అనే ఈస్ట్‌లు 30 నుంచి 40 డిగ్రీల వేడిలో కూడా శుభ్రంగా పనిచేస్తాయి. కుటుంబాలు వాటిని చెక్క వలయాల మీద ఎండబెట్టి తరతరాలుగా దాచుకున్నాయి. వంగడం అన్న మాట వీటికి రెండర్థాల్లోనూ అతుకుతుంది.

వ్యాఖ్య: ఇంకొన్ని మాటలు కూడా చెప్పండి. పిచింగ్, ఫ్లాక్యులేషన్, లాగరింగ్?

జవాబు: పిచింగ్‌కి, అంటే పులియాల్సిన రసంలో ఈస్ట్ కలపడానికి, 'తోడు వేయడం' అనొచ్చు, నేను పైన వాడేశాను కూడా. లాగరింగ్‌కి 'చల్లగా మాగబెట్టడం'. జర్మన్‌లో మూలార్థం నిల్వ చేయడమే అయినా, సున్నా డిగ్రీల దగ్గర వారాల తరబడి ఉంచినప్పుడు గంధకపు వాసన తగ్గి, రుచి గరుకుదనం పోయి నునుపెక్కుతుంది. 'నిల్వ' అంటే ఆ మార్పు కనిపించదు, 'మాగడం' అంటే కనిపిస్తుంది. ఒక జాగ్రత్త: మాగబెట్టే ముందు రెండు మూడు రోజులు వేడిని 16–18 డిగ్రీలకు పెంచుతారు. వెన్న వాసనకు కారణమైన డయసిటైల్‌ని అప్పటికింకా చురుగ్గా ఉన్న ఈస్టే తిరిగి పీల్చుకుంటుంది. ఆ దశను మాగబెట్టడంలో కలపకుండా 'డయసిటైల్ విరామం' అని విడిగా రాయండి.

ఫ్లాక్యులేషన్‌కి నిఘంటువుల్లో ఉన్న సంస్కృత పదాలు నోటికి రావు. కణాలు ఒకదానికొకటి అంటుకుని గుంపుకట్టి అడుగుకు దిగడం దాని అర్థం. 'గుంపుకట్టే గుణం' అని రాసి, బీరు విషయంలో 'తేరుకోవడం' అనండి. గుంపుకట్టే గుణం ఎక్కువున్న వంగడం వేస్తే బీరు తొందరగా తేరుకుంటుంది, మడ్డి గట్టిగా అడుగు పడుతుంది. తక్కువున్నది వేస్తే చాలా రోజులు మబ్బుగానే ఉంటుంది. గోధుమ బీరుకు ఆ మబ్బే కావాలి కాబట్టి, అక్కడ 'తేరుకోదు' అన్నది లోపంలా వినిపించకుండా చూసుకోండి.