బావమరిది ఇచ్చిన గోల్ఫ్ సెట్టుతో ఆడాలా, కొత్తది కొనాలా?

తిరుపతి మందుల షాపు:

అందరికీ నమస్కారం. నాకు 51 ఏళ్లు. తిరుపతిలో మందుల షాపు నడుపుతున్నాను. పొద్దున తొమ్మిదికి షట్టర్ ఎత్తితే రాత్రి పదిన్నరకు దించడం, పాతికేళ్లుగా ఇదే పని. ఆట అంటే కాలేజీ రోజుల్లో ఎస్వీ ఆర్ట్స్ కాలేజీ గ్రౌండులో ఆడిన క్రికెట్టే.

గోల్ఫ్ మా అమ్మాయి వల్ల అంటుకుంది. ఆమె బెంగళూరులో చదువుతోంది. నెలకోసారి చూడడానికి వెళ్తాను. ఒకసారి "సినిమా వద్దు నాన్నా, ఇంకోచోటికి పోదాం రా" అని డ్రైవింగ్ రేంజ్‌కి, అంటే గోల్ఫ్ బంతులు కొట్టి సాధన చేసే చోటికి తీసుకుపోయింది. వంద బంతుల బుట్ట తీసుకుని ఇద్దరం పంచుకున్నాం. నా వంతులో మొదటి నలభైలో సగానికి సగం బంతిని వదిలేసి మ్యాటునే కొట్టాను. తర్వాత ఒకటి సరిగ్గా తగిలింది. చేతికి అదురు కూడా తెలియలేదు. బంతి మాత్రం పైకి లేచి పోతూనే ఉంది. అమ్మాయి ఆగి చప్పట్లు కొట్టింది. ఇది జరిగి ఏడాదైంది. అప్పటి నుంచి నెలలో ఆ ఒక్క ఆదివారం కోసం ఎదురుచూస్తున్నాను.

ఇప్పుడు అసలు సంగతి. మా బావమరిది డాలస్‌లో ఉంటాడు. సంక్రాంతికి వచ్చినప్పుడు తన పాత సెట్టు తెచ్చి "బావా, ఇంక ఇది నీదే" అని ఇచ్చిపోయాడు. మంచి కంపెనీ ఐరన్లు, అంటే ఇనుప తల ఉన్న స్టిక్కులు. కానీ అతను ఆరడుగుల మనిషి, నేను 5 అడుగుల 4 అంగుళాలు. తన ఎత్తుకు తగ్గట్టు అర అంగుళం పొడవు పెట్టించుకున్నాడట. షాఫ్టు (స్టిక్కు కడ్డీ) మీద స్టిఫ్, అంటే గట్టిది అని అర్థం వచ్చే 'ఎస్' అక్షరం ఉంది. వీటితో కొడితే నా బంతి పది సార్లలో ఏడు సార్లు ఎడమకే పోతోంది. రేంజ్‌లో అద్దెకిచ్చే పాత స్టిక్కుతో అంత పోవడం లేదు.

బెంగళూరులో ఒక షాపులో చూపిస్తే, "ఇవి మీకు పనికిరావు, మొత్తం మార్చేయండి" అని లక్షా ఇరవై వేలకు కాగితం రాసిచ్చారు. అందులో దూరం కొట్టే డ్రైవర్ అనే స్టిక్కు ఒక్కటే నలభై రెండు వేలు. నా దగ్గర దీనికోసం పక్కన పెట్టింది పాతిక వేలు. అమ్మాయి చదువు డబ్బు ముట్టుకోను.

ఈ సెట్టు నాకు సరిపోయేట్టు చేయించుకోవచ్చా? నెలకోసారి మాత్రమే ఆడేవాడికి ఏం కావాలి, ఏం అక్కర్లేదు? తిరుపతిలో ఉండి మిగిలిన ఇరవై తొమ్మిది రోజులు ఏం చేసుకోవచ్చు? తెలిసినవాళ్లు చెప్పండి.

రేణిగుంట రోడ్:

సార్, పాతవాటిని పట్టుకుని కుస్తీ ఎందుకు? కొత్తగా నేర్చుకునేవాళ్లకు బ్యాగుతో సహా బాక్స్ సెట్లు వస్తాయి, మీ పాతిక వేలల్లో చూడండి. నేను అలాగే మొదలుపెట్టాను. టెన్షన్ ఉండదు.

బంగారుపాళెం తోట:

అన్నా, పైన తమ్ముడు చెప్పింది తప్పు కాదు. కానీ మీ చేతిలో ఉన్నదాన్ని పరీక్ష చేయకుండా పక్కన పడేయొద్దు.

నేను 1989లో బెంగళూరులో ఒక క్లబ్బులో కేడీగా చేరాను. పదేళ్లు బ్యాగులు మోశాను. తర్వాత అక్కడే స్టిక్కులు రిపేరు చేసే పెద్దాయన దగ్గర పని నేర్చుకుని ఇంకో పదహారేళ్లు ఆ బల్ల దగ్గరే కూర్చున్నాను. 1991లో అలీ షేర్ ఇండియన్ ఓపెన్ గెలిచిన రోజు మా కేడీ పిల్లలందరికీ పండగ. ఆయన కూడా ఢిల్లీలో కేడీగా ఉండి పైకొచ్చిన మనిషి. నాన్న పోయాక 2015లో తోట చూసుకోవడానికి ఊరికి వచ్చేశాను. ఇప్పుడు తోతాపురి మామిడే నా పని. సామాన్లు మాత్రం అమ్మలేదు, పంపుసెట్టు గదిలోనే ఉన్నాయి.

మీరు రాసినదాన్నిబట్టి నాకు అనుమానం ఒక్కచోటే ఉంది. దాన్ని లై అంటారు. స్టిక్కు నేల మీద ఆనినప్పుడు షాఫ్టు ఏ కోణంలో నిలబడుతుందనేది. పొడుగు మనిషి కోసం చేసిన స్టిక్కును పొట్టి మనిషి పట్టుకుంటే చేతులు కిందికి దిగుతాయి, స్టిక్కు ముక్కు (తల బయటి కొస) గాలిలోకి లేస్తుంది, మడమ (షాఫ్టు వైపు కొస) మాత్రమే నేలకు తగులుతుంది. ముక్కు లేచిందంటే ఫేస్, అంటే బంతికి తగిలే ముఖం ఎడమకు చూస్తుంది. మీరు గురి సరిగ్గానే పెట్టినా బంతి ఎడమకే పోతుంది. అందులో మీ చేతి తప్పు ఉండకపోవచ్చు.

దీన్ని మీరే చూసుకోవచ్చు, పైసా ఖర్చు లేదు. స్కూల్లో వైట్‌బోర్డు మీద రాసే మార్కర్ ఒకటి తీసుకోండి. బంతి మీద లావుగా ఒక గీత గీయండి. ఆ గీత నిట్టనిలువుగా, స్టిక్కు ఫేస్ వైపు ఉండేలా బంతిని పెట్టి 7 ఐరన్‌తో (7 అంకె ఉన్నది) కొట్టండి. గీత ఫేస్ మీద అచ్చు పడుతుంది. అది నిలువుగా ఉంటే లై సరిపోయినట్టు. గీత పై కొస ముక్కు వైపు వాలితే స్టిక్కు మీకు నిక్కుగా ఉన్నట్టు, అంటే ముక్కు లేస్తున్నట్టు. మడమ వైపు వాలితే దానికి తిరగబడి. ఒక్క దెబ్బ చూసి తేల్చొద్దు, ఏడెనిమిది కొట్టండి. తుడుస్తూ కొట్టండి.

అది ముక్కు వైపే వాలిందనుకుందాం. అప్పుడు గ్రిప్ (చేత్తో పట్టుకునే రబ్బరు తొడుగు) మీద చేతులు ఒక అంగుళం కిందికి జరిపి పట్టుకుని మళ్లీ కొట్టండి. చేతులు అదే ఎత్తులో ఉండి స్టిక్కు పొట్టిదైతే షాఫ్టు కాస్త నిటారుగా నిలబడుతుంది, లేచిన ముక్కు కిందికి దిగుతుంది. గీత నిలువుకు వచ్చిందా, మీ సెట్టు బతికినట్టే. స్టీలు షాఫ్టు అయితే పైపు కట్టర్‌తో అర అంగుళమో ముప్పావో తీసేసి కొత్త గ్రిప్ వేయొచ్చు. ఇంకా మిగిలిన తేడాకు ఐరన్ మెడ దగ్గర వంచుతారు. ఫోర్జ్ చేసిన (కొట్టి మలిచిన) ఇనుమైతే బాగా మాట వింటుంది. పోత పోసినదైతే రెండు డిగ్రీలకు మించి నేనెప్పుడూ వంచలేదు, విరిగే ప్రమాదం ఉంది.

కోస్తే ఒక మార్పు వస్తుంది, ముందే చెప్తున్నాను. స్టిక్కు తల బరువు చేతికి తక్కువగా తెలుస్తుంది, షాఫ్టు రవంత గట్టిబడినట్టు ఉంటుంది. మీది ముందే స్టిఫ్. అందుకే మొత్తం సెట్టు ఒకేసారి కోయించొద్దు. 7 ఐరన్ ఒక్కటి కోయించి రెండు నెలలు ఆడండి. బంతి మరీ కిందుగా పోతూ, తగిలినప్పుడల్లా చేతికి కట్టె కొట్టినట్టు ఉంటే అప్పుడు షాఫ్టు మార్చే సంగతి ఆలోచిద్దాం.

గ్రిప్పులు మాత్రం ఎలాగూ మార్చాలి. పాత రబ్బరు గట్టిపడి జారుతుంది. జారుతుంటే మనకు తెలియకుండానే గట్టిగా పిసుకుతాం, భుజం దాకా బిగుసుకుపోతుంది. మనం క్రికెట్ ఆడినవాళ్లం కాబట్టి కింది చెయ్యి ముందే బలం చూపిస్తుంది. నా బల్ల దగ్గరికి "స్వింగ్ పాడైంది" అని వచ్చినవాళ్లలో ఎంతోమందికి గ్రిప్ మారిస్తే సగం బాధ తీరింది. ఇంకొకటి, సెట్టును ఎండాకాలం కారు డిక్కీలో వదిలేయకండి. మన తిరుపతి ఎండకు డిక్కీ పొయ్యిలా కాలిపోతుంది. గ్రిప్ ఎండిపోతుంది, తలను అతికించిన జిగురు కూడా పట్టు వదులుతుంది.

డ్రైవర్ కొనకండి. ఇది మాత్రం బతిమాలి చెప్తున్నాను. అది బ్యాగులో అన్నిటికంటే పొడుగైనది, గుంతలోకి బంతి దొర్లించే పట్టర్‌ను పక్కన పెడితే ఫేస్ వాలు కూడా అన్నిటికంటే తక్కువ. ఫేస్ కొంచెం తెరుచుకున్నా బంతి పక్క పొలంలోకి పోతుంది. టీ (మొదటి దెబ్బకు బంతిని నిలబెట్టే పుల్ల) మీద నుంచి 5 వుడ్ కొట్టండి, అది డ్రైవర్ కంటే పొట్టిది. రూల్సులో 14 స్టిక్కులకు మించకూడదని ఉందే గానీ ఇన్ని ఉండి తీరాలని ఎక్కడా లేదు. 5 వుడ్, 5 హైబ్రిడ్ (వుడ్‌కీ ఐరన్‌కీ మధ్యది), 7, 9 ఐరన్లు, దగ్గర నుంచి బంతిని పైకి లేపే పిచింగ్ వెడ్జ్, శాండ్ వెడ్జ్, పట్టర్. ఈ ఏడూ మీకు చాలు. మోయడానికి కూడా తేలిక.

ఇంటి దగ్గర ఫుల్ షాట్లు మాత్రం కొట్టొద్దు. మిద్దె మీద వల కట్టి కొడతామంటారు కొందరు. ఆ బంతి బరువు 45 గ్రాములకు పైనే. వల చిరిగి వీధిలో ఎవరి తలకైనా తగిలితే ప్రాణాల మీదికి వస్తుంది. పట్టింగ్ చేయండి. గోల్ఫ్ గుంత వెడల్పు 108 మిల్లీమీటర్లు, అంత మూతి ఉన్న స్టీలు గిన్నె ఇంట్లో దొరుకుతుంది. హాల్లో జంపఖానా పరిచి ఆరడుగుల దూరం నుంచి రోజూ యాభై కొట్టండి, షాపు మూసి వచ్చాక పావుగంట పని. పార్ (కోర్సుకు లెక్కగా పెట్టిన దెబ్బలు) 72 అంటే పద్దెనిమిది గుంతలకు రెండేసి చొప్పున 36 పట్లు లెక్కలోనే ఉన్నాయి. సగం ఆట అది. అందరూ డ్రైవర్ మీద డబ్బు పోసి ఆ సగాన్ని వదిలేస్తారు.

మద్రాసులో తిరుపతి అమ్మాయి:

అన్న అంత వివరంగా చెప్పాక సామాన్ల గురించి నేను చెప్పేది తక్కువ. బంతుల గురించి ఒక మాట. మెత్తటి యూరెథేన్ కవర్ ఉన్న ఖరీదైన బంతులు ఇప్పుడే వద్దండి. గ్రీన్ (గుంత చుట్టూ ఉండే నున్నటి గడ్డి) దగ్గర స్పిన్ తిప్పడం వచ్చినవాళ్లకే వాటి పని. మామూలు టూ పీస్ బంతులు తీసుకోండి, పోయినా మనసు కష్టపడదు. గ్లవ్ మీకు ఎడమ చేతికి. సన్నటి తోలుది చేతికి హాయిగా ఉంటుంది కానీ మన చెమటకు ఆరబెట్టకుండా బ్యాగులో కుక్కితే అట్టలా అయిపోతుంది. నేను రెండు మార్చి మార్చి వాడతాను.

నేను రాయాలనుకున్నది వేరే సంగతి. మీరు రేంజ్ దాటి కోర్సుకు వెళ్లే రోజు వస్తుంది. మొదటి రోజు దెబ్బలన్నీ లెక్కపెట్టుకుంటే బాధ మిగులుతుంది. నాకు తొలిసారి ఒక్క గుంతకే పదమూడు పడ్డాయి. మిగతా మూడు గంటలు ఆ పదమూడే నా తలలో ఉంది, చుట్టూ చెట్లు కూడా చూడలేదు. తర్వాత ఒక పెద్దావిడ స్టేబుల్‌ఫోర్డ్ లెక్క నేర్పించారు. ఫ్రాంక్ స్టేబుల్‌ఫోర్డ్ అనే ఇంగ్లండ్ డాక్టర్ తయారుచేసిన పద్ధతి, 1932 నుంచి పోటీల్లో ఉంది. ఇందులో దెబ్బలకు బదులు పాయింట్లు. మీ హ్యాండిక్యాప్ (ఆటగాడి స్థాయిని బట్టి వదిలేసే దెబ్బలు) తీసేశాక పార్ వస్తే రెండు, ఒకటి ఎక్కువైతే ఒకటి, రెండు ఎక్కువైతే సున్నా. సున్నా ఖాయమైందంటే బంతి తీసి జేబులో వేసుకుని తర్వాతి గుంతకు నడవొచ్చు. పాడైన గుంత అక్కడితో అయిపోతుంది. హ్యాండిక్యాప్ ఇప్పుడు 54 దాకా ఇస్తారు, కాబట్టి కొత్తవాళ్లకు కూడా పాయింట్లు వస్తాయి. మీరూ అమ్మాయీ ఇద్దరే ఆడినా ఇలాగే రాసుకోండి. బంతి కనపడకపోతే వెతకడానికి రూల్ ప్రకారం మూడు నిమిషాలే, దాంతో వెనకవాళ్లకు కూడా ఇబ్బంది ఉండదు.

మీ అమ్మాయి చప్పట్లు కొట్టిందని చదివితే మన గోల్ఫ్ క్రీడాకారిణి అదితి అశోక్ గుర్తొచ్చింది. 2016 రియో ఒలింపిక్స్‌లో ఆమె బ్యాగు మోసింది వాళ్ల నాన్న. టోక్యోలో వాళ్ల అమ్మ. ఆ రెండోసారే నాలుగో స్థానం వచ్చింది, ఒక్క దెబ్బ తేడాతో పతకం పోయింది. ఆ శనివారం పొద్దున మా ఇంట్లో గోల్ఫ్ అంటే తెలియని మా అత్తగారు కూడా టీవీ ముందు నుంచి లేవలేదు.

తిరుపతి మందుల షాపు:

అన్నా, అమ్మా, చాలా చాలా థ్యాంక్స్. నిన్న ఆదివారం మార్కర్ తీసుకుని రేంజ్‌కి పోయాం. అమ్మాయి బంతులు సర్ది పెట్టింది, నేను కొట్టాను. ఎనిమిదింటిలో ఏడు గీతలు ముక్కు వైపే వాలాయి, ఒకటి అలికిపోయింది. చేతులు అంగుళం కిందికి జరిపి ఇంకో ఎనిమిది కొట్టాను. అయిదు దాదాపు నిలువుగా వచ్చాయి. బంతి కూడా ఎదురుగా ఉన్న జెండా వైపే పోయింది. ఇన్నాళ్లూ నాకే చేతకాలేదని అనుకుంటూ ఉన్నాను. కళ్లు చెమర్చాయి, అబద్ధం చెప్పను.

జంపఖానా మీద యాభై కూడా మొదలుపెట్టాను. మొదటి రోజు గిన్నెలో పడినవి పదకొండు, నిన్న రాత్రి పంతొమ్మిది. మా ఆవిడ పక్కన కూర్చుని లెక్క రాస్తోంది.

షాఫ్టులు స్టీలువే. అన్నా, మీరు 7 ఐరన్ కోసిపెడతారా? కూలి ఎంతో చెప్పండి.

బంగారుపాళెం తోట:

సంతోషం అన్నా. మీరు బెంగళూరు పోయేది చిత్తూరు, పలమనేరు మీదుగానే కదా, మా ఊరు దారిలోనే. గ్రిప్ డబ్బులు, టేపు డబ్బులు ఇవ్వండి చాలు. 7 ఐరన్ ఒక్కటే తెండి. గంట పని, కానీ గ్రిప్ ఆరడానికి రాత్రంతా ఉంచితే మంచిది. పోయేటప్పుడు ఇచ్చి, తిరిగొచ్చేటప్పుడు తీసుకోండి. జూన్, జూలైలో మాత్రం రావొద్దు, కోతల్లో ఉంటాను, చెయ్యి ఖాళీ ఉండదు.

కోసే ముందు మీరు వచ్చి నా ఎదురుగా నిలబడి పట్టుకోవాలి. మీరు వేసుకునే బూట్లతోనే నిలబడాలి, చెప్పులతో కాదు. నేల నుంచి మణికట్టు ఎంత ఎత్తులో ఉందో కొలిచాకే కట్టర్ పెడతాను.

తిరుపతి మందుల షాపు:

వచ్చే నెల రెండో శనివారం సాయంత్రం వస్తాను అన్నా. 7 ఐరన్ తెస్తాను. 9 ఐరన్ జోలికి మాత్రం పోవద్దని అమ్మాయి చెప్పమంది. ఆమె నాకంటే మూడు అంగుళాలు ఎత్తు, అది తనకు ఉన్నదున్నట్టు సరిపోయిందట.