17 ప్రపంచ స్వర్ణాలు, ఒలింపిక్స్‌లో మాత్రం రెండే: కనాయెవా విషయంలో ఈ తేడా ఎందుకు?

ప్రశ్న

బంతి, రిబ్బన్ లాంటివి పట్టుకుని సంగీతానికి తగ్గట్టు చేసే రిథమిక్ జిమ్నాస్టిక్స్‌ను ఈమధ్యనే శ్రద్ధగా చూడడం మొదలుపెట్టాను. రష్యా క్రీడాకారిణి యెవ్‌గేనియా కనాయెవా పోటీల చరిత్ర చదువుతుంటే ఒక లెక్క ఎంతకీ కుదరడం లేదు. ప్రపంచ చాంపియన్‌షిప్‌లలో ఆమెకు మొత్తం 17 స్వర్ణాలున్నాయి. 2009లో జపాన్‌లోని మియేలో జరిగిన పోటీల్లోనైతే జట్టు స్వర్ణంతో కలిపి ఆరింటికి ఆరూ ఆమెకే దక్కాయి. ఒలింపిక్స్‌కు వచ్చేసరికి 2008 బీజింగ్‌లో ఒకటి, 2012 లండన్‌లో ఒకటి, అంతే. ఆర్టిస్టిక్ జిమ్నాస్ట్ సిమోన్ బైల్స్‌కు 11 ఒలింపిక్ పతకాలున్నాయి కదా. మరి కనాయెవా అసలైన వేదిక మీద తడబడిందా, లేక నేను గమనించనిది ఇంకేమైనా ఉందా?

మొదటి సమాధానం

తడబడలేదండీ. గెలవడానికి అక్కడ ఉన్నదే ఒక్క పతకం, దాన్ని ఆమె రెండుసార్లూ గెలిచింది.

ఆర్టిస్టిక్ విభాగంలో మహిళలకు జట్టు, ఆల్‌రౌండ్ (అన్ని ఉపకరణాల మార్కులూ కలిపి), నాలుగు ఉపకరణాల ఫైనల్స్ కలిపి ఒకే ఒలింపిక్స్‌లో ఆరు పతకాల వరకు అవకాశం ఉంటుంది. రిథమిక్‌లో ఉపకరణాలవారీ ఫైనల్స్ ప్రపంచ చాంపియన్‌షిప్‌లలోనే తప్ప ఒలింపిక్స్‌లో లేవు. 1984లో లాస్ ఏంజెలెస్‌లో ఈ క్రీడను చేర్చినప్పుడు వ్యక్తిగత ఆల్‌రౌండ్ ఒక్కటే ఉండేది. 1996 అట్లాంటాలో బృంద పోటీ వచ్చింది కానీ, అందులో పాల్గొనేవారు వేరు. కాబట్టి వ్యక్తిగత విభాగంలో ఆడే అమ్మాయి నాలుగేళ్లు ఎదురుచూసి, ఒక్క పతకం కోసం నాలుగు ప్రదర్శనలు ఇవ్వాలి. అర్హత పోటీలో వచ్చిన మార్కులు ఫైనల్లో కలవవు, అందరూ మళ్లీ సున్నా నుంచే మొదలుపెడతారు. ఇలాంటి పద్ధతిలో వ్యక్తిగత ఒలింపిక్ స్వర్ణాన్ని రెండుసార్లు గెలిచినది ఇప్పటివరకు కనాయెవా ఒక్కతే. పతకాల సంఖ్యతో ఈ రెండు విభాగాలనూ పోల్చడంలో అర్థం లేదని నా అభిప్రాయం.

రెండో సమాధానం

పై సమాధానంతో ఏకీభవిస్తూ, చాలామంది పట్టించుకోని ఒక విషయం చెబుతాను. ఆ రెండు స్వర్ణాలూ ఒకే రకమైన పోటీలో వచ్చినవి కావు. బీజింగ్‌లో తాడు, హూప్ (పెద్ద వలయం), క్లబ్బులు (చిన్న గదల్లాంటి జంట), రిబ్బన్ ఉండేవి. లండన్‌కు వచ్చేసరికి తాడు పోయి బంతి వచ్చింది. మార్కుల విధానమూ మారింది. బీజింగ్‌లో ఒక్కో ప్రదర్శనకు గరిష్ఠం 20, లండన్‌లో 30. అందుకే ఆమె మొత్తం మొదట 75.500, తర్వాత 116.900 అని కనబడుతుంది. గరిష్ఠంతో పోల్చి చూస్తే మొదటిది 94 శాతం పైచిలుకు, రెండోది 97 శాతం పైచిలుకు. బీజింగ్‌లో రజతం గెలిచిన ఇన్నా జుకోవాకు, కాంస్యం గెలిచిన అన్నా బెస్సొనోవాకు మధ్య తేడా 0.05 మాత్రమే. కనాయెవాకు, జుకోవాకు మధ్య మాత్రం 3.575. అప్పటికి ఆమె వయసు 18 ఏళ్లు.

తాడుకు బదులు బంతి అంటే తేలికే కదా అనిపించవచ్చు. బంతిని వేళ్లతో గట్టిగా పట్టుకోవడం తప్పు కిందే లెక్క. అది అరచేతిలో ఊరికే ఆని ఉండాలి, చేయి తిరిగినా జారకూడదు, వెన్ను వెనక్కి వంచినప్పుడు ఒక చేతి నుంచి ఛాతీ మీదుగా రెండో చేతికి ఎగిరెగిరి పడకుండా దొర్లాలి. ఇక రిబ్బన్ ఆరు మీటర్లు. చేయి ఒక్క క్షణం ఆగితే చాలు, దాని కొస నేలకు వాలిపోతుంది, లేదా ముడి పడుతుంది. హాలులోని ఏసీ గాలికి కూడా అది దారి తప్పుతుంది. (ముడి పడిన రిబ్బన్‌ను తొంభై సెకన్లలోపు ముగియాల్సిన ఆట మధ్యలోనే విప్పుకుని కొనసాగించడం చూస్తే, ఇంట్లో కూర్చున్న మనకే చెమట పడుతుంది.)

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ ధన్యవాదాలు. లెక్క ఇప్పుడు అర్థమైంది. అయితే ఆమె 2012 చివర్లో, 22 ఏళ్లకే విరమించుకుంది కదా. అంత తక్కువ కాలంలో వచ్చిన ఫలితాలను బట్టి అందరిలోకీ గొప్ప అనడం తొందరపాటు కాదా?

మూడో సమాధానం

ఈ క్రీడలో 22 ఏళ్లు చిన్న వయసేమీ కాదండీ. వెన్ను, తుంటి, చీలమండలు చిన్నతనం నుంచీ రోజుకు గంటల తరబడి అరుగుతాయి. అందరిలోకీ గొప్ప అనే మాట నేనూ అనను, బల్గేరియాకు చెందిన మరియా పెత్రోవా కూడా వరుసగా మూడుసార్లు ప్రపంచ ఆల్‌రౌండ్ విజేతగా నిలిచింది. కానీ కనాయెవాలా 2009, 2010, 2011లలో ఆ బిరుదు గెలిచి, ఆ మరుసటి ఏడాది ఒలింపిక్ ఫైనల్లోనూ నిలబడడం ఎంత కష్టమో తెలియాలంటే రష్యాకే చెందిన యానా కుద్ర్యావ్‌త్సెవాను చూడండి. ఆమె కూడా 2013, 2014, 2015లలో వరుసగా ప్రపంచ ఆల్‌రౌండ్ విజేతే. 2016 రియో ఫైనల్లో ముందంజలో ఉండగా, క్లబ్బుల ప్రదర్శన చిట్టచివరి క్షణంలో ఒక క్లబ్బు చేజారి నేల మీద పడింది. స్వర్ణం ఆమె సహచరి మార్గరీతా మామూన్‌కు వెళ్లింది. చివరికి ఇద్దరి మధ్య తేడా ఒక మార్కు కూడా లేదు.