‘రిటైర్ అయ్యాక’ను స్పానిష్‌లో ఎప్పుడు నేర్పాలి?

కొత్త విద్యార్థిని:
మా స్పానిష్ బ్యాచ్‌లో ఉద్యోగం చివరికొచ్చిన వాళ్ళే ఎక్కువ. పరిచయాల పాఠం రాగానే అందరికీ చెప్పాలనిపించేది ఒకటే: ‘రిటైర్ అయ్యాక మా ఊరెళ్ళిపోతాను’. రిటైర్ అవడానికి ‘హుబిలార్సె’ అనే క్రియ ఇచ్చారు. కానీ ఆ వాక్యానికి సబ్జంక్టివ్ (ఇంకా జరగని పనికి, ఖాయం కాని పనికి వాడే క్రియారూపం) కావాలట, అది బీ1 అనే మధ్యస్థాయిలో వస్తుందట, ఇప్పుడొద్దన్నారు. ఇది సబబేనా?

ఏలూరు పంతులమ్మ:
సబబు కాదండీ. ‘కువాందొ మె హుబీలె’, అంటే ‘నేను రిటైర్ అయ్యాక’, మొదట్లోనే నోటికి పట్టించాలి. సబ్జంక్టివ్ అన్న పేరు తర్వాత చెప్పుకోవచ్చు. ఇప్పుడొద్దని ఆపితే విద్యార్థి ఊరుకోడు. జరగబోయే పనే కదా అని భవిష్యత్ కాలం తగిలించి ‘కువాందొ మె హుబిలరే’ అని సొంతంగా కట్టేసుకుంటాడు. అది తప్పు. ఒకసారి నాలుక మీదికెక్కితే వదిలించడం మహా కష్టం.

మనకి ఇక్కడే ఎందుకు తడబాటంటే, మన ‘అయ్యాక’లో కాలం కనపడదు. ‘రిటైర్ అయ్యాక వెళ్ళాను’, ‘రిటైర్ అయ్యాక వెళ్తాను’, రెండింటికీ అదే మాట. స్పానిష్‌లో అలా కుదరదు. ‘మె హుబీలె’ అంటే ఇంకా రిటైర్ కాలేదు. ‘మె హుబిలే’ అంటే అయిపోయారు. రాతలో తేడా అల్లా చివరి అక్షరం మీద చిన్న గీత, పలకడంలో ఎక్కడ నొక్కుతామన్నది. స్పానిష్‌లో మనలా దీర్ఘాలు లేవు గానీ, నోట్‌బుక్‌లో తెలుగు లిపిలో నొక్కే చోట దీర్ఘం పెట్టి రాయిస్తే బాగా గుర్తుంటుంది. నేను అలాగే రాయిస్తాను.

ఓరుగల్లు:
మేడమ్ గారూ, నేను ఒప్పుకోను. బట్టీ పట్టినవాళ్ళు ‘కువాందొ’ (‘ఎప్పుడు’, ‘అప్పుడు’ రెండింటికీ అదే మాట) వినపడితే చాలు ‘హుబీలె’ అనేస్తారు. ‘ఎప్పుడు రిటైర్ అవుతున్నారు?’ అని అడగాలంటే ‘కువాందొ తె హుబీలస్’ అనాలి, అక్కడ సబ్జంక్టివ్ రాదు. ‘జనం రిటైర్ అయినప్పుడు’ అని మామూలుగా జరిగేది చెప్పినా ‘సె హుబీల’ అనే అనాలి. ఇవన్నీ ఎవరు విడదీసి చెబుతారు?

ముందు ‘హుబిలార్సె’ చివర ఉన్న ‘సె’ సంగతి తేల్చాలి. అది తీసేస్తే అర్థమే మారుతుంది. ‘సె హుబిలో’ అంటే ఆయన రిటైర్ అయ్యాడు. ‘లా ఎంప్రెస లొ హుబిలో’ అంటే కంపెనీ ఆయన్ని రిటైర్ చేసింది. పాత కారును పక్కన పడేసినా ఇదే క్రియ. మన ‘అవడం’, ‘చేయడం’ తేడా పెట్టి చెబితే పిల్లలకైనా అర్థమవుతుంది.

ఇక ఆ వాక్యమే కావాలంటే సులువైన దారుంది: ‘దెస్‌ప్వేస్ దె హుబిలార్మె’. సబ్జంక్టివ్ అక్కర్లేదు, కాలం అక్కర్లేదు, అచ్చం మన ‘రిటైర్ అయ్యాక’లాగే. మొదటి మెట్టు మీద ఉన్నవాళ్ళకి ఇది చాలదా?

మెక్సికో తెలుగు:
చిన్న మాట. ‘హుబిలార్సె’ ఒక్కటే నేర్చుకుని ఆగకండి. కొలంబియాలో ‘పెన్సియొనార్సె’ బాగా వినిపిస్తుంది. ‘రెతిరార్సె’ అనేది లాటిన్ అమెరికాలో చాలాచోట్ల ఉద్యోగ విరమణకీ వాడతారు గానీ, స్పెయిన్‌లో ఎక్కువగా ఆటగాళ్ళకి. 2024 నవంబర్‌లో నడాల్ టెన్నిస్ వదిలేసినప్పుడు వాడిన మాట అదే, ‘సె హుబిలో’ కాదు.

ఏలూరు పంతులమ్మ:
ఓరుగల్లు గారూ, ‘దెస్‌ప్వేస్ దె’ నేనూ నేర్పుతాను, మంచిదే. కానీ అది మనం మాట్లాడటానికే పనికొస్తుంది. అవతలివాళ్ళు మన కోసం ‘కువాందొ’ మానేయరు కదా. స్పెయిన్‌లో రిటైర్మెంట్ వయసు 2013 నుంచి 65 దాటి కొంచెం కొంచెంగా పెరుగుతూ 2027కి 67 అవుతుంది. 38 ఏళ్ళ 6 నెలలు చందా కట్టినవాళ్ళకి మాత్రం 65కే పూర్తి పెన్షన్. నడివయసు వాళ్ళు నలుగురు కూర్చుంటే ఆ లెక్కలే. వాళ్ళ నోట వచ్చేది ‘కువాందొ మె హుబీలె’. ‘హుబిలే’ అని పొరబడితే, ఇంకా ఉద్యోగంలో ఉన్న మనిషిని ‘ఇప్పుడు కాలక్షేపం ఎలా అవుతోంది?’ అని అడిగినట్టుంటుంది.

కొత్త విద్యార్థిని:
‘మా ఆయన రిటైర్ అయ్యాక మేం ఊరెళ్తాం’ అనాలంటే? నాకు కావలసింది అసలు అది.

ఏలూరు పంతులమ్మ:
చూశారా, ఆ సులువు దారి ఇక్కడే ఇరుకవుతుంది. ఇద్దరూ ఒకే మనిషి అయితేనే ‘దెస్‌ప్వేస్ దె’ హాయిగా నడుస్తుంది. రిటైర్ అయ్యేది ఆయన, వెళ్ళేది మీరంతా. ‘దెస్‌ప్వేస్ దె హుబిలార్సె మి మరీదొ’ అని ఆయన్ని క్రియ వెనక పెట్టాలి, కొత్తవాళ్ళకి అది తోచదు. ‘దెస్‌ప్వేస్ దె కె’ అంటే మళ్ళీ సబ్జంక్టివే. ‘కువాందొ మి మరీదొ సె హుబీలె’ అనండి. ‘బీ’ దగ్గర నొక్కండి.