రేలంగి గారి హాస్యానికి పుట్టిల్లు నాటకమా, సినిమానా?

తాడేపల్లిగూడెం సభ్యులు:

రేలంగి వెంకటరామయ్య గారిని నాటకరంగం సినిమాకిచ్చిన నటుడిగా మన గోదావరి జిల్లాల్లో అందరూ చెప్పుకుంటారు. నాకు ఆ మాట పూర్తిగా రుచించదు. ఆయన 1935లో ‘శ్రీకృష్ణ తులాభారం’తో తెరమీదికి వచ్చారు. నాటకమే ఆయనను తయారుచేసి ఉంటే 1948లో ‘వింధ్యరాణి’, ఆ మరుసటి ఏడు ‘గుణసుందరి కథ’ వచ్చేదాకా పేరు ఎందుకు రాలేదు? ఆ పదమూడు పద్నాలుగేళ్లు దర్శకులు సి. పుల్లయ్య గారి వద్ద నటుల ఎంపిక మొదలుకొని నిర్మాణపు పనుల వరకు చూస్తూ, కెమెరా ముందూ వెనకా నేర్చుకున్నదే ఆయన విద్య అని నా వాదన.

రావులపాలెం సభ్యులు:

మిత్రులు చెప్పిన సంవత్సరాలు సరైనవే గానీ, వాటినుంచి తేల్చిన సంగతి సరికాదని నా మనవి. రేలంగి గారు పుట్టింది మా పక్క ఊరు రావులపాడులో, 1910లో, పెరిగింది కాకినాడలో. తండ్రి రామస్వామి గారు సంగీతం, హరికథ నేర్పేవారు. హరికథకుడు ఒక్కడే నిలబడి రాముడూ కావాలి, రావణుడూ కావాలి, నడుమ పిట్టకథలో పిసినారీ కావాలి; గొంతు మార్చడం, జనం నవ్వేదాకా ఆగి మళ్లీ కథ అందుకోవడం అక్కడ చిన్ననాడే అబ్బే విద్యలు. ‘పాతాళ భైరవి’లో రాజుగారి బావమరిది వేషం కట్టి తన పాట తానే పాడుకోగలిగారంటే ఆ గొంతు స్టూడియోలో తయారైనది కాదు కదా.

ఆపైన కాకినాడ యంగ్‌మెన్స్ హ్యాపీ క్లబ్. ఎస్.వి. రంగారావు గారు, అంజలీదేవి గారు, ఆదినారాయణరావు గారు నాటకాలాడిన సంస్థ అది. అక్కడ రేలంగి గారు స్త్రీ పాత్రలు కూడా ధరించారు. ఈ సంగతిని ఎవరూ పట్టించుకోరు. నా దృష్టిలో అసలు కీలకం ఇదే. మా ఊరి తీర్థంలో ఒకసారి నేను ఆడవేషం కట్టాను. నేర్పిన పెద్దాయన నా చేత డైలాగు చెప్పించకుండా మూడు రాత్రులు నడిపించారు: పైట జారకుండా ఎడమ మోచెయ్యి ఒంటికి ఆనాలి, అడుగు చిన్నదిగా పడాలి, తల తిప్పేముందు కళ్లు తిరగాలి. నాలుగో రాత్రి నేను మాట్లాడకుండా బిందె ఎత్తుకుని వెళ్తేనే జనం నవ్వారు. ఒళ్లు అలా చెప్పుచేతల్లో ఉన్న మనిషే ‘నర్తనశాల’లో ఉత్తరకుమారుడి గొప్పలనూ భయాన్నీ ఒకే మనిషిలో చూపగలడు.

ఇక పేరు ఆలస్యం కావడానికి కారణం ఆయన విద్యలో లేదు. అప్పట్లో ఏడాదికి వచ్చే తెలుగు టాకీలే కొద్ది. యుద్ధకాలంలో ముడిఫిల్ముకు కరువొచ్చి సినిమా నిడివిని 11,000 అడుగులకు కుదించారు. అలాంటప్పుడు ముందుగా కత్తెర పడేది హాస్యానికేనని నా ఊహ.

తాడేపల్లిగూడెం సభ్యులు:

ఆడవేషం సంగతి ఆలోచించదగినదే, ఒప్పుకుంటున్నాను. అయినా ‘మాయాబజార్’లో పెళ్లిపీటల మీద మాయా శశిరేఖ కాలు తొక్కినప్పుడు లక్ష్మణకుమారుడి ముఖం చూడండి. పెళ్లివారి ఎదుట కేక వెయ్యలేడు, నొప్పి దాచుకోలేడు. స్టేజీ మీద ఆ ముఖం మూడో వరుస దాటితే కనిపించదు. దగ్గరి షాట్ ఎంత చూపుతుందో, ఎంత తగ్గించుకోవాలో తెలియడానికి స్టూడియోలో గడిపిన ఆ ఏళ్లే పనికొచ్చాయి. మా ఊళ్లో ఆయన కట్టించిన రేలంగి చిత్రమందిర్‌లో సినిమాలు చూస్తూ పెరిగినవాణ్ని కనుక ఈ మాట అభిమానంతోనే అంటున్నాను.

రావులపాలెం సభ్యులు:

తగ్గించుకోవడం స్టూడియోలో నేర్చుకున్నారన్న మాట నిజమే. కాని తగ్గించుకోవడానికి ముందు చేతినిండా ఉండాలి. అది కాకినాడ ఇచ్చింది. 1970లో పద్మశ్రీ వచ్చేనాటికి ఆయన సినిమాల గురించి అందరికీ తెలుసు, స్టేజీ మీద ఏ నాటకంలో ఏ వేషం కట్టారో మాత్రం మనలో ఎవరం చెప్పలేకపోతున్నాం. కాకినాడవారి ఇళ్లలో ఆనాటి నాటకాల కరపత్రాలు, గ్రూపు ఫొటోలు ఉంటే దయచేసి ఇక్కడ పెట్టండి. వేషాల పేర్లు తెలిశాకే మళ్లీ వాదిస్తాను.